గోడకు అతికీ అతకని సర్వే స్టిక్కరుకు ఒక లేఖ

ఒరే స్టిక్కరూ,

'ప్రియమైన' అని మొదలుపెడదామనుకున్నా, మనసొప్పలేదు. చదివేవాళ్లకు నువ్వెవరో తెలీదు కాబట్టి ముందు నీ పరిచయం. కొండ పక్కన రోడ్డు వేసినప్పుడు మట్టి జారకుండా రిటైనింగ్ వాల్ కడతారు కదా, దాని మీద అగ్గిపెట్టె అంత సైజులో, మధ్యలో ప్లస్ గుర్తు పెట్టుకుని తళతళా మెరుస్తుంటావే, అది నువ్వు. నీ మీదికి టోటల్ స్టేషన్ (దూరాలూ కోణాలూ కొలిచే సర్వే యంత్రం) గురిపెట్టి, గోడ పోయిన నెలకీ ఈ నెలకీ ఎన్ని మిల్లీమీటర్లు ముందుకొచ్చిందో చూసేవాణ్ని నేను. కడప నుంచి పోయే ఒక ఘాట్ రోడ్డులో మన డ్యూటీ. గువ్వలచెరువు ఘాట్ కాదులే, అదైతే కనీసం పాలకోవా అయినా దొరికేది. ఏ గోడో మాత్రం చెప్పను, చెబితే సోమవారం నుంచి నాకు పని ఉండదు.

ఫిబ్రవరిలో మిమ్మల్ని 14 మందిని అతికించారు. గుడ్డతో ఒకసారి దుమ్ము దులిపి, వెనక కాగితం పీకి, బొటనవేలితో ఒత్తి, అంతే, అందరికీ కలిపి అరగంట. ఇది ఎన్నాళ్లుంటుంది సామీ అని అడిగితే, "ఏం కాదులేన్నా, కంపెనీ గమ్ము" అన్నాడు అతికించినాయన. ఎస్టిమేట్లో 'సర్వే పాయింట్లు: 14' అని రాసుంది, ఎన్నాళ్లుండాలో రాయలేదు, కాబట్టి ఆయన తప్పు కూడా లేదు.

మే నెలలో మా ఎండ 40 దాటుతుందని ఆ కంపెనీ గమ్ముకు ఎవరూ చెప్పినట్టు లేదు. పొద్దంతా కాగిన గోడ మీద నీ అంచులు అప్పడంలాగా పైకి లేచాయి. ఊడి కింద పడ్డ ముగ్గురి గురించి నాకు బాధ లేదు, పడ్డారని తెలుస్తుంది కదా. సగం లేచి వేలాడుతున్నోళ్లతోనే నా టెన్షన్ అంతా. రీడింగులో 4 మిల్లీమీటర్లు తేడా వచ్చింది, ముందుకొచ్చింది గోడా, నువ్వా? మూడు గంటలు ఎండలో నిలబడి ఆలోచించినా తేలలేదు. మిగిలినోళ్లలో ఐదుగురికి, ఎవరో పెద్దాయన వస్తున్నాడని గోడకు సున్నం కొడుతూ మొహానికి కూడా కొట్టేశారు. ఇద్దరు జన్మదిన శుభాకాంక్షల పోస్టరు కింద దాక్కున్నారు.

నంబర్ 7 కథ వేరే. ఘాట్ దిగినాక టీ కొట్టు దగ్గర ఒక మోపెడ్ వెనక మడ్‌గార్డు మీద కనపడింది, అదే ప్లస్ గుర్తు, పక్కన మార్కర్‌తో నేను రాసిన 7 కూడా అలాగే ఉంది. ఇదేందబ్బా అని అడిగితే, "మెరుస్తా ఉంటే పీక్కొచ్చినాన్నా, రాత్రిపూట వెనకొచ్చే లారీలోళ్లకు బాగా కనపడతాది" అన్నాడు. నిజం చెప్పాలంటే మీ 14 మందిలో ఒళ్లొంచి పనిచేస్తున్నది వాడొక్కడే. ఆ నెల రిపోర్టులో నంబర్ 7 కదలిక 4 కిలోమీటర్లు అని రాయాలని చెయ్యి ఎంత దురద పెట్టిందో నీకు తెలీదు.

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. ఊడినోళ్ల స్థానంలో మీ తమ్ముళ్లను తెచ్చి 'దాదాపు' అక్కడే అతికించారు. ఒరే, నేను వెతికేది మిల్లీమీటర్లు, మీరు అతికేది దాదాపుల్లో. కొత్త స్టిక్కర్ పడిన రోజు మళ్లీ సున్నా నుంచి లెక్క, అంతకుముందు గోడ ఎంత వంగిందో అదంతా గంగలో కలిసినట్టే. రిపోర్టు మాత్రం చూడముచ్చటగా ఉంటుంది, అన్ని గళ్లలోనూ సున్నాలే, పైవాళ్లకు భలే సంతోషం. దీనికి తోడు, తాను కదలకుండా గోడ కదలికను పోల్చి చూడటానికి ఉండాల్సిన రెఫరెన్స్ పాయింటు ఎక్కడ పెట్టారనుకున్నావ్? ఆ గోడ మోస్తున్న మట్టి మీదే నిలబెట్టిన కిలోమీటరు రాయి మీద! గోడా, దాన్ని కొలిచే గుర్తూ చేతులు పట్టుకుని కలిసి జారినా లెక్కలో తేడా రాదు.

ఇక్కడ ఒకాయన గుర్తొస్తాడు. బ్రిటిష్ వాళ్ల కాలం సర్వేయరు లాంబ్టన్ దొర 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సర్వే మొదలుపెట్టి, కోణాలు కొలిచే అర టన్ను థియొడొలైట్‌ను మోయించుకుంటూ మన గుత్తి మీదుగా ఉత్తరానికి పోయాడు. ఆ సర్వే వాళ్లు కొండ మీద బండకు చుక్క పెట్టి, చుట్టూ గుండ్రంగా గీత చెక్కించేవాళ్లు. దాన్ని ఎవడు పీక్కుపోయి మోపెడ్‌కు అతికించుకోగలడు చెప్పు?

అందుకే నీ ఉద్యోగం తీసేస్తున్నా, మీ స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు వస్తున్నాయి. నిన్న ఒకటి వేసి చూశా. పైపూత మీద కాదు, లోపలి కాంక్రీటులోకి దిగేలా డ్రిల్లుతో 12 మిల్లీమీటర్ల బెజ్జం, నాలుగు వేళ్ల లోతు. తర్వాత అందరూ ఎగ్గొట్టే పని, బెజ్జంలోని పొడి తీయడం. సన్న బ్రష్షుతో తిప్పి, సైకిల్ పంపుతో ఊదితే మొహమంతా పిండిమర దగ్గర నిలబడ్డట్టు తెల్లబడింది, మళ్లీ తిప్పి, మళ్లీ ఊది, పొడి రావడం ఆగేదాకా. ఆ పొడి మిగిలితే ఎపాక్సీ (బోల్టును పట్టి ఉంచే గట్టి జిగురు) పొడిని పట్టుకుంటుంది, గోడను కాదు. తర్వాత లోపలి నుంచి బయటికి ఎపాక్సీ నింపుకుంటూ వచ్చి, బోల్టును మెల్లగా తిప్పుతూ దించితే అంచు నుంచి కొంచెం బయటికి ఉబికింది, అప్పుడు నమ్మకం కుదిరింది. ఎండలో ఎపాక్సీ నిమిషాల్లో బిగుస్తుంది కాబట్టి ఇదంతా తెల్లారుజామునే. రీడింగులు కూడా ప్రతిసారీ అదే వేళకు, ఎందుకంటే గోడ ఎండకు కూడా కాస్త కదులుతుంది, దాన్ని జారుడు అనుకుంటే అనవసరంగా అందరి నిద్రా చెడుతుంది. పైన ఒక వరస, కింద ఒక వరస వేస్తున్నా, పైది మాత్రమే ముందుకొస్తే గోడ వాలుతోందని, రెండూ వస్తే మొత్తం జరుగుతోందని తెలుస్తుంది. రెఫరెన్సుకు రోడ్డవతల కొండ బండలో మూడు బోల్టులు.

ఇంత అవసరమా అని అడిగారు. 2021 నవంబరులో చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది, అది మా వైపే. ఆ తర్వాత నుంచి గట్టి వాన పడిన ప్రతిసారీ నాకు ఫోన్లు, గోడ ఎట్లుందన్నా అని. గోడలో నీళ్లు బయటికి రావడానికి పెట్టిన పైపులు గుట్కా ప్యాకెట్లతో నిండిపోయున్నాయి, వెనక ఎంత నీరు నిలబడిందో తెలీదు. నేనేమో చేతిలో ఊడిపోయిన స్టిక్కర్ పెట్టుకుని, బాగుందన్నా అని చెప్పాలి.

ఇట్లు,
నీ మీద గురిపెట్టి కన్ను పోగొట్టుకుంటున్న సర్వేయరు.

తా.క.: నంబర్ 7ను మాత్రం మోపెడ్ మీదే ఉంచుతున్నా. మొన్న చూశా, ఒక మూల లేస్తే మేకు కొట్టి బిగించాడు.