ముందు పాట, వెనక మోత

కారులో పాట వినడానికి ఎన్ని స్పీకర్లు కావాలి? మా ఆయన్ని అడిగితే నాలుగంటారు. మా తమ్ముణ్ణి అడిగితే రెండు చాలంటాడు. మా అత్తయ్యనడిగితే, "రోడ్డు చూసుకోక పాటలెందుకే" అంటుంది. నన్నెవరూ అడగలేదు కాబట్టే తీరిగ్గా కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

మా కారుకి ముందు తలుపుల్లోనే స్పీకర్లున్నాయి. వెనక తలుపుల్లో స్పీకరు పట్టేంత బెజ్జం ఉంది, దాని మీద జాలీ కూడా ఉంది, లోపల మాత్రం ఏమీ లేదు. కింది రకం మోడల్ కొంటే అంతే. ఆ సంగతి తెలియనంత కాలం మా ఆయన సుఖంగానే ఉన్నారు. ఒకరోజు వెనక సీటు కింద ఏదో వెతుకుతుంటే చెవి ఆ జాలీకి ఆనింది. లోపల నిశ్శబ్దం. "అంటే ఇన్నాళ్లూ సగం పాటే విన్నామన్నమాట!" అన్నారు, ఎవరో ఆస్తిలో వాటా ఎగ్గొట్టిన మొహం పెట్టి.

తమ్ముడికి కబురెళ్లింది. ఇలాంటి విషయాలంటే వాడు కుర్చీ ముందుకు జరుపుకునే రకం.

"పాటలో ఉన్నవే రెండు ట్రాకులు బావా, కుడీ ఎడమా. వెనక పెట్టినా ఆ రెండే మళ్లీ మోగుతాయి. కచేరీకెళ్లి పాడేవాళ్లకి వీపు పెట్టి కూర్చుంటావా?"

"సినిమా హాల్లో వెనక లేవేంటి?"

"వాటికి వేరే ట్రాకులుంటాయి. వెనకనుంచి రావాల్సిన వానా హెలికాప్టరూ విడిగా పెడతారు. అయినా శబ్దం మొదట ఏ దిక్కునుంచి చెవిలో పడితే అంతా అక్కణ్నుంచే వస్తోందని మనం అనుకుంటాం. వెంటనే వచ్చే రెండోది మరీ పెద్దదైతే తప్ప పట్టించుకోం. హెల్మట్ హాస్ అని జర్మనీ ఆయన 1949లోనే తేల్చేశాడు."

"ఆయన కారుకి వెనక స్పీకర్లు ఉండుండవు" అన్నారు మా ఆయన.

వాట్ల దగ్గర కూడా కాసేపు పేచీ నడిచింది. స్టీరియో పెట్టె మీద 50 × 4 అని ఉంది. నాలుగు యాభైలు రెండొందలు, అందులో వంద వృథాగా పోతోందని మా ఆయన బాధ. "ఆ 50 మెరుపు లెక్క బావా, నిలకడగా ఇచ్చేది 20 చిల్లరే" అన్నాడు వాడు. "వెనక కూర్చునేవాళ్ల కోసమైతే పెట్టు, కానీ సౌండు తగ్గించి పెట్టు. మరీ పెంచావంటే గాయకుడు డాష్‌బోర్డు మీద నుంచి లేచొచ్చి నీ మెడ వెనక కూర్చుంటాడు."

మా ఆయన చాలాసేపు ఆలోచిస్తున్నట్టు తల పంకించారు. స్పీకర్ల పెట్టె అప్పటికే మంచం కింద ఉంది.

బిగించే కార్యక్రమం తమ్ముడు ఊళ్లో లేని ఆదివారం పెట్టుకున్నారు. తలుపు లోపలి అట్టని ప్లాస్టిక్ క్లిప్పులు పట్టుకునుంటాయి. గట్టిగా లాగితే టక్కుమంటాయి. "ఏమండీ, అది ఊడిన చప్పుడా, విరిగిన చప్పుడా?" అన్నాను. "రెండూ ఒకేలా ఉంటాయి" అన్నారు, తల ఎత్తకుండా. అట్ట ఊడొచ్చాక లోపల తలుపు పొడుగునా అంటించిన ప్లాస్టిక్ షీటొకటి కనబడింది. "చూశావా నిర్లక్ష్యం! ప్యాకింగ్ కవరు కూడా తీయకుండా కారు అమ్మేశారు" అంటూ పీకి పారేశారు.

తర్వాత వైర్లు. స్టీరియో వెనకనుంచి వచ్చే ఆకుపచ్చ జత వెనక ఎడమకి, ఊదా జత వెనక కుడికి. ప్రతి జతలో ఒకదాని మీద నల్ల గీత ఉంటుంది. ఏది ప్లస్? మా ఆయన న్యాయం సూటిగా ఉంది: "గొప్పదానికే కదా గుర్తు పెడతారు!" గీత ఉన్న వైరు ప్లస్‌కి చేరింది. రెండు తలుపుల్లోనూ, ఏ పక్షపాతం లేకుండా.

పాట పెట్టారు. గొంతులు వస్తున్నాయి. మృదంగం మాత్రం అగ్గిపెట్టె మీద వేళ్లతో కొట్టినట్టుంది. నాలుగు స్పీకర్లయ్యాక రెండున్నప్పటి మోత కూడా లేదు.

"క్లారిటీ పెరిగింది" అన్నారు మా ఆయన.

ఆ వారమే వాన కురిసింది. మర్నాడు అత్తయ్య వెనక సీట్లో కూర్చుని కాళ్లు కింద పెట్టి, మళ్లీ ఎత్తేసింది. "ఒరేయ్, కార్లో నీళ్లేంట్రా?" అద్దం మీద పడ్డ వాన తలుపు లోపలికి దిగి అడుగు కన్నాల్లోంచి బయటికి పోవాలట. అది మన పాదాల వైపు రాకుండా ఆపేదే ఆ ప్యాకింగ్ కవరు.

తమ్ముడొచ్చాడు. నవ్వలేదు, అది వాడి గొప్పతనం. ముందూ వెనకా సౌండు పంచే ఫేడర్ మధ్యలో ఉంటే దాన్ని పూర్తిగా ముందుకి జరిపాడు. మృదంగం ఠక్కున ప్రాణం పోసుకుంది. పూర్తిగా వెనక్కి జరిపాడు, అక్కడా ఉంది. మధ్యకి తెస్తే మాయం. "ముందువి బయటికి తోస్తుంటే వెనకవి లోపలికి లాగుతున్నాయి బావా. మంద్ర శబ్దాలు ఒకదాన్నొకటి తినేస్తున్నాయి" అన్నాడు.

మా ఆయన ఒప్పుకోలేదు. సాక్ష్యం కావాలన్నారు. టీవీ రిమోట్‌లోంచి సెల్లు పీకి (అత్తయ్య సీరియల్ వేళకి), ఆకుపచ్చ జతని స్టీరియోనుంచి విడదీసి, గీత లేని వైరుకి ప్లస్, గీత ఉన్నదానికి మైనస్ తాకించాడు. మేమంతా జాలీ తీసిన స్పీకరు మీదికి వంగి చూస్తున్నాం. నల్లటి కాగితం గిన్నె 'టప్' అని లోపలికి ముడుచుకుంది. సరిగ్గా కలిపుంటే బయటికి ఉబకాలి. మా ఆయన సెల్లు తీసుకుని తను కూడా తాకించి చూశారు. ఆయనకీ లోపలికే పోయింది.

వైర్లు మార్చారు, షీటు కొత్తది అంటించారు, మృదంగం తిరిగొచ్చింది. దాంతోపాటు విరిగిన క్లిప్పులున్న తలుపు కూడా గడగడమంటూ తాళం వేయడం మొదలుపెట్టింది. కొత్త క్లిప్పులు దొరికేదాకా దాన్ని అరచేత్తో నొక్కి పట్టుకునే బాధ్యత నాది.

ఇంత చేశాక, తొలి ప్రయాణంలో అత్తయ్య వెనకనుంచి, "ముందు మోగుతున్నది వినిపిస్తూనే ఉందిరా, నా చెవి దగ్గరది ఆపెయ్" అంది. ఫేడర్ ముందుకెళ్లింది. కొన్నవి మూగబోయాయి. ఆవిడ కళ్లు మూసుకోగానే ఈయన ఒక గీత వెనక్కి జరిపేవారు, ఆవిడ కళ్లు తెరిచేది.

చివరికి పరిష్కారం మా ఆయనే కనిపెట్టారు. ఇప్పుడు కారు నేను నడుపుతున్నాను. అత్తయ్యకి ముందు సీటుకి ప్రమోషన్ వచ్చింది. ఆయన వెనక సీటు నడిమధ్యన కూర్చుని, రెండు స్పీకర్లకీ సమదూరం చూసుకుని, "ఇంకో రెండు గీతలు వెనక్కి జరుపు" అంటుంటారు. అత్తయ్య మొదటిరోజే ఫేడర్ ఎక్కడుందో నన్నడిగి తెలుసుకుంది.