ఎడమ చెవి మీద విచారణ

నేరస్థుణ్ణి ముందే పరిచయం చేయడం మర్యాద. నేనే. వయసు 53. నివాసం నల్లగొండ. నేరం: పొద్దున ఐదున్నరకు సైకిల్ తీసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, గడియారం సెంటర్ మీదుగా పానగల్ చెరువు కట్ట దాకా పోయి రావడం. సైకిల్ నా ఆలోచన కాదు. షుగరు మూడు వందలు దాటినప్పుడు డాక్టరు చీటీ మీద మందుల పేర్ల కింద రాసిన ఆఖరు ఐటం అది. పాటలు మాత్రం నా సొంత ప్రిస్క్రిప్షన్.

నేరం బయటపడ్డది రామగిరిలో చాయ్ హోటల్ ముందు. సైకిల్ స్టాండేస్తుంటే మా బావ చూపు నా చెవుల మీద పడింది. బావ అంటే మా అక్క పెనిమిటి, రిటైర్డ్ హెడ్మాస్టరు. ముప్పై ఏండ్లు బళ్ళో పిల్లల చెవులు మెలిపెట్టిన మనిషి కాబట్టి, చెవులకు సంబంధించినంత వరకు ఆయన మాటకు మా వైపు విలువెక్కువ.

“ఏం బామ్మర్దీ, గవేంది చెవులల్ల?”

“పాటలు బావా.”

“సైకిల్ తొక్కుకుంట పాటలింటవా? ఎన్క లారొస్తె నీకెట్ల ఎరుకైతది? మా చెల్లెను ఏం జేద్దామనుకున్నవ్?”

హోటల్ కాక గిలాసలు కడుగుతూనే సాక్ష్యం చెప్పాడు. “నిజమే సారూ. ఎవడో పోరడు గిట్లనే పెట్టుకొని పోతుంటె బస్సు గుద్దిందంట.” ఏ ఊరని అడిగితే, “గటే, మిర్యాలగూడ దిక్కు” అన్నాడు. పేపర్ చదువుతున్నాయన తలెత్తకుండానే అది సూర్యాపేట అన్నాడు. ఇంకొకాయన లెక్కలో అది బస్సు కాదు, రైలు. చచ్చినవాణ్ణి ఎవరూ చూడలేదు, అందరూ విన్నారు. ఆ బెంచీ మీద విననివాణ్ణి నేనొక్కణ్ణే, చెవుల్లో పాట ఉండె గనక.

విచారణ సాగుతుండగా వీధిలో ఏమేం వినబడ్డాయో కూడా రికార్డు చేయాలి. మొదట చెత్త బండి వచ్చింది, శుభ్రత మీద పాట పాడుకుంటూ. ఆ పాట అయిపోకముందే ఉల్లిగడ్డల ఆటో. దాని మైకులో ఒకటే గొంతు, ఒకటే రేటు, ఊపిరి తీసుకోకుండా. దాని వెనక పాత ఇనుప సామాన్లు కొనే బండి, ఇంకో మైకు. రెండు మైకులు ఎదురుబొదురు పడినప్పుడు హోటల్ ముందర ఇనుప ఉల్లిగడ్డలు, ప్లాస్టిక్ కిలో ఇరవై అన్నట్టు వినబడుతుంది. ఈలోపు ఒక లారీ తన హారన్ మీద సగం పాట వాయించి మలుపు తిరిగింది. బావ తన తీర్పును మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదటి రెండుసార్లు ఎవరికీ వినపడలేదు.

ఆ తీర్పు ఇది: రోడ్డు మీద పాట ప్రాణాంతకం.

అప్పటి నుంచి నేను ఈ తీర్పును నిష్పక్షపాతంగా పరిశీలిస్తున్నాను. నాకు అర్థమైనంత వరకు మన దగ్గర రోడ్డు మీద పాటకు ఏ అభ్యంతరమూ లేదు. నలుగురికీ వినబడాలి, అంతే షరతు. బరాత్ చూడండి. డీసీఎం వ్యాన్ మీద మనిషి ఎత్తు డబ్బాలు పేర్చి, పెండ్లికొడుకును గుర్రం మీద కూర్చోబెట్టి, మెయిన్ రోడ్డు మీద రెండు గంటలు తీన్మార్ ఎగురుతారు. వెనక బస్సు ఆగుతుంది, అంబులెన్సు ఆగుతుంది. ఎగిరేవాళ్ళలో ఒక్కరికైనా వెనక లారీ వస్తే ఎట్లా ఎరుకైతదని మా బావ అడిగింది లేదు. అడిగే వీలు కూడా లేదు, ముందు వరసలో ఎగిరేది ఆయనే. శబ్ద కాలుష్యం నియమాలని 2000లో కేంద్రం తెచ్చింది. ఇండ్లున్న చోట పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ ముచ్చటే వద్దు. ఈ అంకెలు పెండ్లింట్లో చెప్పి చూడండి, అన్నం వడ్డించరు. లారీల పాట హారన్లు కూడా అంతే. రకరకాల స్వరాలు పలికే హారన్ బండికి ఉండకూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 119వ నంబరు కింద స్పష్టంగా ఉంది. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ఒక గంట నిలబడితే 119వ నియమం ఎన్ని రాగాల్లో ఉందో తెలుస్తుంది.

నా పాట వల్ల వచ్చిన చిక్కు అదే. అది ఎవరికీ వినపడదు. ఊరంతా తన పాటను పక్కవాడికి పంచుతుంటే ఒక్కడు మాత్రం నోరు మూసుకుని, తన పాట తాను వింటూ, నవ్వుకుంటూ పోతే అనుమానం రాదా మరి?

మా నాయినకు ఈ అనుమానం ఎప్పుడూ ఎదురవలేదు. ఆయన సైకిల్ హ్యాండిల్‌కు తోలు కవరేసిన ట్రాన్సిస్టర్ వేలాడేది. 1957 అక్టోబర్ 3న మొదలైన వివిధ భారతిని మా ఊరికి పరిచయం చేసింది రేడియో కంటే ముందు మా నాయిన హ్యాండిలే అనేవాళ్ళు. ఆయన వస్తున్నట్టు రెండు వాడల అవతలికే తెలిసేది. మా అమ్మ ఆ పాట విని పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఆ రోజుల్లో రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. రాత్రిపూట సైకిల్‌కు లైటు లేకపోతే, డబుల్స్ పోతే, పోలీసాయన ఆపి గాలి తీసేవాడు. అన్ని చట్టాలున్న ఆ కాలంలో కూడా, పాట వింటూ సైకిల్ తొక్కుతున్నావని మా నాయిన చక్రాల్లో గాలి ఎవరూ తీయలేదు. 1979 జులైలో జపాన్ వాళ్ళు వాక్‌మన్ అమ్మకానికి పెట్టారు, పాట హ్యాండిల్ మీది నుంచి చెవిలోకి దూరింది. నేరం అక్కడ పుట్టింది.

ఇప్పుడు కొంత నిజాయితీ. నా తరఫు వకీలు లేడు గనక నేనే ఒప్పుకుంటున్నాను, బావ అడిగిన ప్రశ్న తప్పు కాదు.

సైకిల్‌కు అద్దం ఉండదు. వెనక ఏముందో చెప్పాల్సింది చెవే. లారీ గేర్ మార్చిన మోత, ట్రాక్టర్ ట్రాలీ గొలుసు చప్పుడు, కంకర మీద టైరు గీరుడు, మర్రిచెట్టు కాడ కుక్కల మందలో పెద్దది గొంతు సవరించుకోవడం, ఇవన్నీ వెనక నుంచి వచ్చే ఉత్తరాలు. వీటిని నేను చాలారోజులు చించి పారేశాను. నా ఇయర్‌ఫోన్లు చెవి కన్నంలో రబ్బరు బిరడాలా బిగుసుకునే రకం. పైగా జోరుగా తొక్కుతుంటే గాలి చెవుల్లో హోరుమంటుంది, ఆ హోరు మీద పాట వినబడాలని ఇంకాస్త పెంచుతాం. పాట, బిరడా, గాలి, మూడూ కలిస్తే వెనక ప్రపంచం రద్దు.

పోయిన యాసంగి కోతలప్పుడు అది జరిగింది. పానగల్ రోడ్డు మీద ఒక పక్క వడ్లు ఎండబోసి, మీదికి బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పేర్చారు. రాళ్ళను తప్పుకోవడానికి నేను రోడ్డు నడుమకు జరిగాను. నడుమకు జరిగే ముందు వెనక్కి చూడాలి. చూడలేదు. పాట చరణంలో ఉంది. లారీ నాకు వినపడలేదు, తగిలింది గాలి. భుజం మీది తువ్వాల ఎగిరి వడ్ల మీద పడింది. లారీ దాటిపోయాక డ్రైవరు కిటికీలోంచి ఏదో అన్నాడు. అదీ వినపడలేదు. వినపడకపోవడమే మంచిదైంది, మా ఇంటి ఆడవాళ్ళ ప్రస్తావన ఉన్నట్టు చేతి సైగ చెప్పింది.

ఈ సంగతి బావకు ఇప్పటిదాకా చెప్పలేదు. చెప్తే కేసు గెలుస్తాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక లోకమంతా ఈ నేరాన్ని ఎట్లా చూస్తున్నదో తిరగేశాను. ఫ్రాన్స్‌లో 2015 జులై 1 నుంచి సైకిల్ మీద ఇయర్‌ఫోన్లు పూర్తిగా నిషేధం, జరిమానా 135 యూరోలు. ఆ డబ్బుకు ఇక్కడ కొత్త సైకిలే వస్తుంది. కాలిఫోర్నియాలో ఒక చెవికి పెట్టుకోవచ్చు, రెండు చెవులూ మూస్తే తప్పు. మనుషుల కంటే సైకిళ్ళు ఎక్కువున్న నెదర్లాండ్స్‌లో 2019 జులై నుంచి సైకిల్ మీద ఫోన్ చేత్తో పట్టుకోవద్దన్నారు గానీ పాట వినొద్దనలేదు. అక్కడి గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో మెట్టెక్కి, మనుషుల్ని సైకిలెక్కించి, పాటలు పెట్టి, ఎవరికి ఏ చప్పుడు వినపడుతున్నదో పరీక్ష చేశారు. 2011లో ఫలితం అచ్చయింది. రెండు చెవుల్లో పాట ఉంటే బయటి చప్పుళ్ళు తప్పిపోతున్నాయి, బిగుసుకునే రకం మరీ అన్యాయం, ఒక్క చెవికి పెట్టుకున్నవాళ్ళకు మాత్రం తేడా రాలేదు. మన దేశంలోనైతే సైకిల్ అసలు మోటారు వాహనమే కాదు. 1988 మోటారు వాహనాల చట్టం దృష్టిలో నేను లేను. 2019 సవరణ బండి నడుపుతూ చేతిలో ఫోన్ పట్టుకోవడాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చింది గానీ, అది ఇంజనున్న వాళ్ళ భాగ్యం.

ఒక్క చెవి అన్న మాట నాకు నచ్చింది. అయితే ఏ చెవి? మన దేశంలో ఎడమ వైపు పోతాం, మనల్ని దాటేవాళ్ళు కుడి వైపు నుంచి దాటుతారు. కాబట్టి కుడి చెవిని ప్రజాసేవకు వదిలేసి, ఎడమ చెవిని నా సొంతానికి ఉంచుకున్నాను. చట్టం చేయకుండా, కమిటీ వేయకుండా నల్లగొండ జిల్లాలో అమలైన మొదటి సంస్కరణ ఇదే కావచ్చు.

తెరిచిన కుడి చెవిలోకి ఏం వచ్చిందయ్యా అంటే, హారన్లు. పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం ఉంది కదా. గర్భగుడిలో పొద్దంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలబడుతుంది. అది ఏ స్తంభం నీడో వెతకపోతే దొరకదు, ఎందుకంటే ఒక్కదానిది కాదు, వేర్వేరు దిక్కుల నుంచి వచ్చే వెలుతురు స్తంభాల సందుల్లోంచి పడి ఆ నీడను కడుతుంది. గడియారం సెంటర్‌లో హారన్ కూడా అదే శిల్పం. పొద్దంతా ఒకే హారన్ నిలకడగా వినబడుతుంది, ఏ బండిదో తెలియదు. ఆగిన బండి కొడుతుంది, పోతున్న బండి కొడుతుంది, ఎర్ర లైటును చూసి కొడతారు, పచ్చ లైటును చూసి కొడతారు, ఎదురుగా తెలిసినవాడు కనబడితే పలకరింపుగా కొడతారు. నా కుడి చెవి ప్రతిసారీ ఉలిక్కిపడి వెనక్కి చూస్తుంది. వెనక ఏమీ ఉండదు. పదిసార్లు అట్లా చూశాక పదకొండోసారి చూడటం మానేస్తాం. లారీ వచ్చేది ఆ పదకొండోసారే.

వీటికి తోడు ఇప్పుడు కరెంటు బండ్లు. నన్ను నిజంగా గుద్దింది ఒకటే బండి, అది చెవుల్లో ఏమీ లేనినాడు గుద్దింది. మడిగెల సందులోంచి పిల్లిలా వచ్చిన కరెంటు స్కూటర్. చప్పుడు లేదు, పొగ లేదు, మోకాలి చిప్ప మీద చర్మం లేదు. యూరప్‌లో 2021 జులై నుంచి కొత్త కరెంటు కార్లన్నీ నెమ్మదిగా పోయేటప్పుడు తప్పనిసరిగా చప్పుడు చేయాలని నియమం. అంటే అక్కడ చప్పుడు లేని బండికి చప్పుడు కొని పెడుతున్నారు. మనల్ని అడిగితే ఉచితంగా పంపేవాళ్ళం, ఓడల్లో.

ఇక నా వంతు చప్పుడు. మా బిడ్డ మొన్న కొత్త బెల్లు కొని బిగించింది. “నాయినా, పాటలు తగ్గియ్యకపోతే పోనీ, బెల్లన్న కొట్టు” అన్నది. ఇత్తడిది, మంచి నాదం, ట్రింగ్‌ట్రింగ్ అని రెండుసార్లు మోగుతుంది. ఈ నెల రోజుల్లో ఆ బెల్లు విని పక్కకు జరిగిన ప్రాణి ఒక్కటే, బర్రె. అది కూడా ఎదురుగా వస్తూ జరిగింది, చూసి జరిగిందేమో.

నిన్న పొద్దున మళ్ళీ హోటల్ దగ్గర బావ. నా కుడి చెవి ఖాళీగా ఉండటం చూసి కొంత మెత్తబడ్డాడు. “ఎడమదాన్ల గుడ తియ్యి. పానం కంటె పాట ఎక్కువా?” అని, చాయ్ పైసలు నన్నే ఇయ్యమని, బండెక్కాడు. ఎక్కుతుండగానే ఫోన్ మోగింది. ఆపలేదు. ఫోన్‌ను చెవికి భుజానికి నడుమ ఇరికించి, మెడ కుడి పక్కకు వంచి, ఆ వంకర మెడతోనే రోడ్డు నడుమకు పోయాడు. మా అక్కే చేసినట్టుంది. నేను వెనకే ఉన్నాను. ముందు నుంచి ఉల్లిగడ్డల ఆటో మలుపు తిరుగుతున్నది, బావ చూడటం లేదు. బెల్లు కొట్టాను. మళ్ళీ కొట్టాను. చేతనైనంత సేపు కొట్టాను.

ఆటో డ్రైవరే బ్రేకేసి ఆగాడు. బావ దాని పక్క నుంచి సాఫీగా పోతూ ఫోన్‌లోకి అరిచాడు. “ఆ, జెర గట్టిగ మాట్లాడు! ఏం ఇనవడ్తలేదు. ఎన్క ఎవడో పనిలేనోడు సైకిల్ బెల్లు కొట్టి కొట్టి సంపుతుండు!”