నేరం కుర్చీలది, వేటు జట్టుకా?

అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు జెర్సీల మీద ఆటగాళ్ల పేర్లు ఉండవు. వీపు మీద నంబరు ఒక్కటే. జట్టు కంటే ఎవరూ ఎక్కువ కాదని దశాబ్దాలుగా పాటిస్తున్న ఆనవాయితీ అది. 2012లో మాత్రం కొత్త కోచ్ బిల్ ఓబ్రయన్ ప్రతి జెర్సీ మీదా పేరు రాయించారు. వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయే అవకాశం ఉండి కూడా ఆగిపోయిన కుర్రాళ్లెవరో జనానికి తెలియాలన్నది ఆయన ఉద్దేశం. వాళ్లు చేసిన తప్పేమీ లేదు. అయినా ఆ ఏడాది శిక్ష అనుభవించింది వాళ్లే.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన కాలి బంతి కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. పెన్ స్టేట్‌లో మ్యాచ్ ఉన్న శనివారం లక్ష మందికి పైగా పట్టే స్టేడియం నిండిపోతుంది. ఆ జట్టుకు 1966 నుంచి హెడ్ కోచ్‌గా ఉన్న జో పటర్నోకి స్టేడియం బయట కంచు విగ్రహం కూడా ఉండేది. ఆయన దగ్గర ఏళ్ల తరబడి అసిస్టెంట్ కోచ్‌గా పనిచేసిన జెర్రీ శాండస్కీ, పేద పిల్లల కోసమంటూ ఓ స్వచ్ఛంద సంస్థ పెట్టి, అందులోని మగపిల్లల మీద లైంగిక అత్యాచారాలకు పాల్పడ్డాడు. 2011 నవంబరులో అరెస్టయ్యాడు. 2012 జూన్‌లో 45 అభియోగాలు రుజువయ్యాయి. కనీసం 30 ఏళ్ల జైలు పడింది. అతడికి పడిన శిక్ష గురించి ఎవరికీ పేచీ లేదు.

పేచీ అంతా తెలిసీ ఊరుకున్నవాళ్ల దగ్గర మొదలవుతుంది. 2001 ఫిబ్రవరిలో ఓ శుక్రవారం రాత్రి, జట్టు స్నానాల గదిలో ఓ పిల్లవాడితో శాండస్కీని చూసిన యువ సహాయకుడు మర్నాడే పటర్నో ఇంటికెళ్లి చెప్పాడు. అక్కణ్నుంచి విషయం క్రీడా విభాగం డైరెక్టర్ టిమ్ కర్లీకి, వైస్ ప్రెసిడెంట్ గ్యారీ షుల్జ్‌కి, యూనివర్సిటీ ప్రెసిడెంట్ గ్రాహం స్పానియర్‌కి చేరింది. పిల్లల సంరక్షణ శాఖకు చెప్పాలని ముందు అనుకున్నారు. ‘జో’తో మాట్లాడాక మనసు మార్చుకున్నానని, శాండస్కీతోనే నేరుగా మాట్లాడదామని కర్లీ ఈమెయిల్ పెట్టాడు. అది ‘మానవీయమైన’ పద్ధతేనని స్పానియర్ జవాబిచ్చారు. అతడు మాట వినకపోతే, ఫిర్యాదు చేయనందుకు రేపు మనం ఇరుకున పడతామని కూడా అదే ఈమెయిల్లో రాశారు. స్నానాల గదిలోని ఆ పిల్లవాడు ఎవరో కనుక్కునే ప్రయత్నం మాత్రం ఎవరూ చేయలేదు. ‘మానవీయం’ అన్న మాటకు ఇంతకంటే అవమానం ఉంటుందా?

2012 జులై 23న అమెరికా కాలేజీ క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ తీర్పు చెప్పింది. 6 కోట్ల డాలర్ల జరిమానా. నాలుగేళ్లపాటు సీజన్ ముగింపులో జరిగే ‘బౌల్’ మ్యాచ్‌లు ఆడకుండా నిషేధం. జట్టు స్కాలర్‌షిప్పులు 85 నుంచి 65కి కోత. 1998 నుంచి 2011 దాకా గెలిచిన 112 మ్యాచ్‌లు రికార్డుల్లోంచి రద్దు.

ఓసారి వయసులు లెక్కేసి చూడండి. శాండస్కీ మీద యూనివర్సిటీ పోలీసులకు ఫిర్యాదు వచ్చింది 1998లో. 2012లో జట్టులో చేరిన పద్దెనిమిదేళ్ల కుర్రాడికి అప్పుడు నాలుగేళ్లు. ఆ ఈమెయిళ్లు నడిచేనాటికి ఏడేళ్లు, రెండో తరగతి. శాండస్కీ కన్ను పడిన పిల్లలకంటే కూడా చిన్నవాడు. కాపాడాల్సిన పెద్దలు మొహం చాటేస్తే ఆ నేరం బిల్లు ఈ పిల్లాడి చేతికిచ్చారు. ఆబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరిగాయని మన పల్లెల్లో అంటారు. ఇక్కడ ఆబోతులు పోట్లాడుకోలేదు సరికదా, సర్దుకుపోయాయి. కాళ్లు మాత్రం లేగలవే విరిగాయి.

అయితే ఎదుటి వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. యూనివర్సిటీ కోరిక మీద ఎఫ్‌బీఐ మాజీ డైరెక్టర్ లూయిస్ ఫ్రీ జరిపిన విచారణ నివేదికలో ఓ పారిశుద్ధ్య కార్మికుడి మాట ఉంది. 2000లో స్నానాల గదిలో జరిగిన అఘాయిత్యం సంగతి అక్కడ ఊడ్చే పనివాళ్లకు తెలుసు. చెబితే ఉద్యోగాలు పోతాయని నోరు మూసుకున్నారు. పైవాళ్లకు చెప్పడమంటే తన దృష్టిలో అమెరికా అధ్యక్షుడికి ఎదురెళ్లడం లాంటిదని ఒకాయన విచారణలో చెప్పాడు. పటర్నోని తొలగించిన 2011 నవంబరు 9 రాత్రి వేలమంది విద్యార్థులు వీధుల్లోకొచ్చి ఓ టీవీ వ్యాన్‌ని తిరగేశారు. వాళ్ల కోపం పిల్లల కోసం కాదు, కోచ్ కోసం. ఒక ఆట ఊరి నెత్తికెక్కి కూర్చుంటే, దాన్ని దించకుండా నలుగురు అధికారుల్ని మార్చి ఏం లాభమని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే.

మా జవాబు కూడా ఆ కార్మికుడి మాటలోనే ఉంది. చీపురు పట్టుకున్న ఆ మనిషి భయపడింది పందొమ్మిదేళ్ల ఆటగాడికి కాదు. తన ఉద్యోగం తీసేయగలవాళ్లకి. ఆ బలం కోచ్ పేరు ప్రతిష్ఠల్లో ఉంది, ఆట తెచ్చే డబ్బులో ఉంది, అడగాల్సిన చోట అడగని ట్రస్టీల బోర్డులో ఉంది. కొట్టాల్సింది అక్కడే. అందుకే 6 కోట్ల డాలర్ల జరిమానాను మేం తప్పుపట్టం. ఫుట్‌బాల్ ద్వారా ఏడాదికి వచ్చే మొత్తం రాబడితో సమానమని లెక్కగట్టి వేసిన సొమ్ము అది. బాలల మీద అత్యాచారాల నివారణకు ఖర్చు చేయాలన్నారు, బాగుంది. జరిమానా కట్టడానికి ఆదాయం రాని చిన్న క్రీడల్ని ఎత్తేయకూడదన్న షరతు కూడా పెట్టారు. ఆ మొత్తం ఉత్తర్వులో మాకు బాగా నచ్చిన వాక్యం అదే.

స్కాలర్‌షిప్పుల కోతకు మాత్రం ఏ సమర్థనా లేదు. జట్టులో ఇరవై స్కాలర్‌షిప్పులు తగ్గాయంటే ఇరవైమందికి ఫీజు, హాస్టలు, భోజనం, పుస్తకాలు పోయినట్టు. ఆట తప్ప యూనివర్సిటీ గడప తొక్కే దారి లేని ఇళ్ల పిల్లలు వాళ్లలో ఎంతమందో ఉంటారు. వాళ్లకి శాండస్కీ ఎవరో, స్పానియర్ ఎవరో టీవీలో చూస్తేనే తెలిసింది.

యూనివర్సిటీ మారిన ఆటగాడు అప్పట్లో మామూలుగా ఏడాదిపాటు ఆడకుండా ఆగాల్సిందే. ‘వెళ్లిపోవాలనుకుంటే వెళ్లొచ్చు, ఏడాది ఆగక్కర్లేదు’ అని ఎన్‌సీఏఏ వెసులుబాటు ఇచ్చింది. వినడానికి దయగానే ఉంది. ఆ వారం ఏం జరిగిందో చూడండి. పొద్దున లేస్తే కుర్రాళ్ల ఫోన్లు మోగడమే. ఇలినాయ్ యూనివర్సిటీ కోచ్‌లైతే ఏకంగా ఆ ఊరికే దిగి, క్యాంపస్ బయట కూర్చుని, రమ్మని కబురు పెట్టారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు. ఫైనల్ ఇయర్‌లో ఉన్న మైఖేల్ మౌటీ, మైఖేల్ జోర్డిచ్ తోటి ఆటగాళ్లను వెంటబెట్టుకుని కెమెరాల ముందుకొచ్చి మేం ఎక్కడికీ పోవడం లేదని చెప్పారు. యూనివర్సిటీ పెద్దలు అంత నిటారుగా నిలబడ్డ సందర్భం ఆ వ్యవహారంలో మాకు కనబడలేదు. మౌటీ ఆఖరి మ్యాచ్‌కి ముందు మోకాలి గాయంతో ఆగిపోతే, జట్టంతా అతడి 42 నంబరును హెల్మెట్ల మీద అంటించుకుని ఆడింది. గెలిచింది కూడా. ఆ సీజన్‌లో 12 మ్యాచ్‌ల్లో 8 గెలిచారు. బౌల్ మ్యాచ్ మాత్రం లేదు.

ఇక గెలుపుల్ని చెరిపేయడం మరీ వింత. మ్యాచ్ జరిగింది, జనం చూశారు, స్కోరు పేపర్లలో వచ్చింది. పటర్నో గెలుపుల లెక్కలో 409 కాస్తా 298 అయినంత మాత్రాన ఏ బాధితుడికి ఏం ఒరిగింది? పైగా చర్చంతా పిల్లల మీద నుంచి అంకెల మీదకు మళ్లింది. 2015 జనవరిలో ఆ గెలుపుల్ని తిరిగి ఇచ్చినప్పుడు కొందరు అభిమానులు పండగ చేసుకున్నారు. ఆ అవకాశం వాళ్లకిచ్చింది ఎన్‌సీఏఏయే.

అసలు ఎన్‌సీఏఏ సొంతంగా విచారణే చేయలేదు. ఫ్రీ నివేదిక జులై 12న వచ్చింది, శిక్ష 23న పడింది. పదకొండు రోజులు! తమకు ఆ అధికారం ఉందో లేదోనని లోపలి అధికారులే సందేహించారని, ఇది ఒకరకంగా ‘బ్లఫ్’ అని రాసుకున్నారని తర్వాత కోర్టు కేసులో బయటపడిన ఈమెయిళ్లు చెబుతున్నాయి. 2013లో స్కాలర్‌షిప్పులు మెల్లగా పెంచారు, 2014 సెప్టెంబరులో నిషేధం ఎత్తేశారు. అప్పటికి 2012, 2013 బ్యాచ్‌ల ఫైనల్ ఇయర్ ఆటగాళ్లు వెళ్లిపోయారు. వాళ్లకి ఎవరూ ఏమీ తిరిగివ్వలేదు.

పెన్ స్టేట్ ఒక్కటే అయితే పొరపాటనుకోవచ్చు. టెక్సస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ ఆటగాళ్లకు దొంగచాటుగా డబ్బులిచ్చిందని 1987 సీజన్ మొత్తాన్నీ ఎన్‌సీఏఏ రద్దు చేసింది. ఆ జట్టు మళ్లీ బౌల్ మ్యాచ్ ఆడింది 2009లో. ఆ చెల్లింపులు కొనసాగించాలన్న నిర్ణయంలో తనకూ భాగముందని ఒప్పుకున్న బోర్డు మాజీ ఛైర్మన్ బిల్ క్లెమెంట్స్ అప్పుడు టెక్సస్ గవర్నర్. పదవీకాలం పూర్తయ్యే దాకా గవర్నర్‌గానే ఉన్నారు. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ సంగతీ అంతే. రెజీ బుష్ అనే ఆటగాడి విషయంలో నిబంధనలు మీరారని 2010 జూన్‌లో రెండేళ్ల బౌల్ నిషేధం, 30 స్కాలర్‌షిప్పుల కోత పడ్డాయి. బుష్ ఆడింది 2005 దాకా. అప్పటి హెడ్ కోచ్ పీట్ క్యారల్ శిక్షకు ఐదు నెలల ముందే సియాటిల్ ప్రొఫెషనల్ జట్టుకు వెళ్లిపోయి, 2014లో ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచారు. ఆ మధ్యలో నిషేధం అనుభవించినవాళ్ల పేర్లు ఎవరికి గుర్తు?

మనకూ ఈ నొప్పి కొత్తేం కాదు. 2022 ఆగస్టులో మన ఫుట్‌బాల్ సమాఖ్య పెద్దల కుర్చీల గొడవ ముదిరి ఫిఫా భారత్‌ను సస్పెండ్ చేసింది. ఆసియా క్లబ్ టోర్నీ ఆడటానికి గోకులం కేరళ అమ్మాయిలు అప్పటికే తాష్కెంట్‌లో దిగి ఉన్నారు. హోటల్లో కూర్చుని ప్రధానికి లేఖ రాశారు. ఆడకుండానే తిరిగొచ్చారు. పదకొండు రోజుల్లో సస్పెన్షన్ ఎత్తేశారు గానీ టోర్నీ వాళ్లకోసం ఆగుతుందా? ఐపీఎల్‌లో చెన్నైని రెండేళ్లు పక్కనపెట్టినప్పుడు ధోనీకి పుణె దొరికింది. వృత్తి ఆటగాడికి ఇంకో జట్టుంటుంది. కాలేజీ కుర్రాడికి ఉండేవి నాలుగు సీజన్లే, వాటిలో ఒకటి పోతే పోయినట్టే.

ఎన్‌సీఏఏకి ఆలస్యంగానైనా ఈ సంగతి తలకెక్కింది. తప్పుతో సంబంధం లేని విద్యార్థుల మీద శిక్ష పడకుండా వీలైనంత చూడాలని 2022 నుంచి అమల్లోకొచ్చిన దాని నియమావళిలోనే ఉంది. 2025 ఆగస్టులో మిషిగన్ యూనివర్సిటీ జట్టు, ఎదుటి కోచ్‌లు తమ ఆటగాళ్లకిచ్చే సంకేతాలు దొంగిలించిన కేసులో భారీ జరిమానాలు వేసి, మాజీ కోచ్ జిమ్ హార్బాని పదేళ్లపాటు కాలేజీ క్రీడలకు దూరంగా ఉంచింది. బౌల్ నిషేధం మాత్రం వేయలేదు. వెళ్లిపోయిన కోచ్‌ల తప్పుకు ఇప్పటి ఆటగాళ్లను శిక్షించడం అన్యాయమంది. మంచిదే. కానీ హార్బా అప్పటికే ప్రొఫెషనల్ లీగ్‌లో కోచ్. పదేళ్ల నిషేధం ఆయన్ని ఏ ఉదయమైనా ఇబ్బంది పెడుతుందా అన్నది మా అనుమానం. ఎన్‌సీఏఏ వేసిన వేటును ప్రొఫెషనల్ లీగులు కూడా గౌరవించాలి, తప్పు జరిగిన ఏళ్లకు కోచ్ తీసుకున్న బోనస్ వెనక్కి రాబట్టాలి. జరిమానాలో కొంత వాటా బోర్డు సభ్యుల ఆస్తుల్లోంచి కట్టించే నిబంధన పెట్టినా మాకు అభ్యంతరం లేదు. జేబుకు చిల్లు పడితే తప్ప ఆ బోర్డుల్లో ఎవరూ ఫైలు తెరిచి చదవరు.

పెన్ స్టేట్ ఆటగాళ్ల మీద శిక్ష పదకొండు రోజుల్లో పడింది. పెద్దల సంగతి కోర్టుకెళ్లింది. కర్లీ, షుల్జ్ 2017లో నేరం ఒప్పుకున్నారు. పిల్లల భద్రతను గాలికొదిలేశారని స్పానియర్ మీద నేరం రుజువైందీ ఆ ఏడాదే. అప్పీళ్లన్నీ అయి ఆయన జైలుకెళ్లింది 2021 జూన్‌లో. ఉన్నది రెండు నెలలు.