లాగిన్ అయినంత మాత్రాన హాజరైనట్టు కాదు

రెండేళ్ల క్రితం సంక్రాంతికి నాకు తెలిసిన ఒకావిడ పిల్లలను తీసుకుని టెక్సస్ నుంచి గుంటూరులోని పుట్టింటికి వచ్చారు. భర్త హెచ్-1బీ ఉద్యోగ వీసాపై ఆధారపడిన హెచ్-4 వీసా మీద ఉంటున్న ఆవిడ, నర్సింగ్‌లో చేరడానికి ముందుగా పూర్తి చేయాల్సిన అనాటమీ కోర్సును తామున్న ఊరి కమ్యూనిటీ కాలేజీలో ఆన్‌లైన్‌గా తీసుకున్నారు. సెమిస్టర్ సరిగ్గా పండుగ రోజుల్లోనే మొదలైంది. ఇంట్లో ఎవరూ లేవకముందే లేచి, ల్యాప్‌టాప్ తెరిచి, వీడియో పాఠాలు చూసి, ఎముకల పేర్లు నోటుబుక్కులో రాసుకునేవారు. రెండు వారాలు గడిచాక ఒక ఉదయం పోర్టల్‌లో ఆ కోర్సే కనిపించలేదు. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ ఖాతాను అప్పుడు మొదటిసారి తెరిచి చూస్తే అందులో మూడు ఉత్తరాలున్నాయి. మొదటి రెండూ హెచ్చరికలు. మూడోది, కోర్సులో పాల్గొనని కారణంగా మీ పేరు తొలగించామన్న సమాచారం.

"రోజూ లాగిన్ అయ్యాను కదండీ, అదంతా వాళ్ల దగ్గర రికార్డయి ఉంటుంది కదా" అని ఆవిడ అడిగారు. రికార్డయింది. కానీ ఆ రికార్డు లెక్కలోకి రాదు. తోటి విద్యార్థులకు తనను పరిచయం చేసుకుంటూ రాయాల్సిన నాలుగు వాక్యాలనూ, సిలబస్ చదివినట్టు రుజువు చేసే పది ప్రశ్నల క్విజ్‌నూ, మార్కులు లేవు గనుక తిరిగి వెళ్లాక చేద్దామని ఆవిడ వదిలేశారు. వాటి గడువు అక్కడి ఆదివారం రాత్రి 11:59, అంటే ఇక్కడి సోమవారం ఉదయం 11:29. కట్టిన ఫీజు వెనక్కి వచ్చింది గానీ సీటు రాలేదు. ఆ కోర్సు తర్వాతే తీసుకోవాల్సిన రెండో భాగం వెనకబడింది, దానితోపాటు నర్సింగ్ దరఖాస్తు ఒక ఏడాది వెనక్కి జరిగింది.

తప్పు ఆవిడదేనని తేల్చేయడం సులువు. ఆన్‌లైన్ కోర్సుల్లో విద్యార్థుల మీద పెట్టే నిబంధనలన్నీ ఇలా క్రమశిక్షణ సూత్రాల్లాగే కనిపిస్తాయి. నిజానికి వాటిలో చాలావరకు క్రమశిక్షణ కోసం పుట్టినవి కావు. ప్రభుత్వ ధనానికి లెక్క చెప్పుకోవడానికి కాలేజీలు పెట్టుకున్నవి. ఆ సంగతిని కాలేజీ విద్యార్థికి చెప్పదు. ఆ లెక్క అడిగే చట్టమే కాలేజీ మీద పెట్టిన బాధ్యతలను అసలే చెప్పదు. నా అభ్యంతరం ఈ మౌనం మీదే.

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఇంజనీరింగ్ చదివినవారికి హాజరంటే 75 శాతం, తగ్గితే కాండొనేషన్ ఫీజు. బెంచీ మీద కూర్చుని పేరు పిలిచినప్పుడు పలికితే చాలు. ఈ అలవాటుతో వెళ్లినవారు పోర్టల్‌లోకి ప్రవేశించడమే తరగతి గదిలోకి ప్రవేశించడమని సహజంగానే అనుకుంటారు. అమెరికా ఫెడరల్ నిబంధనలు మాత్రం ఆన్‌లైన్ హాజరును వేరుగా నిర్వచించాయి. అసైన్‌మెంట్ సమర్పించడం, పరీక్ష రాయడం, పాఠానికి సంబంధించిన చర్చలో పాల్గొనడం, పాఠ్యాంశం గురించి అధ్యాపకుడిని ప్రశ్న అడగడం వంటివే హాజరు కిందికి వస్తాయి. ఏ పనీ చేయకుండా లాగిన్ కావడం హాజరు కాదని ఆ నిబంధనల్లో విడిగా రాసి ఉంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, విద్యార్థి హాజరుకూ ఫెడరల్ ఆర్థిక సాయానికీ ముడి ఉంది. పేద విద్యార్థులకు తిరిగి చెల్లించనక్కర లేకుండా ఇచ్చే పెల్ గ్రాంట్ గరిష్ఠంగా 2024-25లో 7,395 డాలర్లు. సెమిస్టర్‌లో 60 శాతం గడవకముందే చదువు మానేస్తే, చదివిన రోజుల నిష్పత్తిలోనే ఆ సొమ్ము విద్యార్థికి దక్కుతుంది, మిగిలినది వెనక్కి పోవాలి. అందుకే ఫెయిల్ గ్రేడు వేసేటప్పుడు ఆ విద్యార్థి చివరిసారి ఎప్పుడు పాల్గొన్నాడో తేదీ నమోదు చేయమని చాలా కాలేజీలు అధ్యాపకులను అడుగుతాయి. చివరిదాకా చదివి తప్పినవాడు వేరు, మధ్యలో మాయమైనవాడు వేరు. ఈ రెండింటినీ విడదీయలేకపోతే ఆ డబ్బు కాలేజీ మెడకు చుట్టుకుంటుంది.

హెచ్-4 మీద ఉన్నవారికి ఫెడరల్ సాయం రాదు. మరి ఆవిడ పేరు ఎందుకు తీసేశారు? ప్రతి సెమిస్టర్‌కూ సెన్సస్ తేదీ అని ఒకటి ఉంటుంది. టెక్సస్‌లో మామూలు సెమిస్టర్‌కు అది పన్నెండో తరగతి దినం, కాలిఫోర్నియాలో కోర్సు కాలంలో 20 శాతం గడిచే సమయం. ఆనాటికి జాబితాలో మిగిలినవారే అధికారిక లెక్క. పాల్గొనని పేర్లను ఆలోగా తొలగించడం కాలిఫోర్నియాలో అధ్యాపకుడి విధి కూడా, ఎందుకంటే రాష్ట్రం ఇచ్చే నిధుల్లో ఎక్కువ భాగం ఆ సంఖ్య మీదే ఆధారపడుతుంది. సాయం తీసుకున్నవారు, తీసుకోనివారు అన్న తేడా ఇక్కడ ఉండదు.

ఈ లెక్కల వెనుక పాత చరిత్ర ఉంది. 1980ల్లో ఉత్తరాల ద్వారా చదువు చెబుతామని ప్రభుత్వ సొమ్ము కాజేసిన సంస్థలు బయటపడటంతో, సగానికి మించిన కోర్సులు కరస్పాండెన్స్ పద్ధతిలో నడిపే సంస్థలకు ఫెడరల్ సాయం నిలిపేస్తూ 1992లో చట్టం తెచ్చారు. ఇంటర్నెట్ వచ్చాక 2006లో ఆన్‌లైన్ కోర్సులకు ఆ పరిమితి తీసేశారు గానీ ఒక షరతు మిగిలింది. అధ్యాపకుడికీ విద్యార్థులకూ మధ్య క్రమం తప్పని, సారవంతమైన సంభాషణ ఉంటేనే అది ఆన్‌లైన్ కోర్సు, లేకపోతే పాత కరస్పాండెన్స్ కోర్సు కిందే లెక్క. ఈ షరతు పాటించలేదంటూ, ఆన్‌లైన్‌లో చదువు చెప్పే వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీ నుంచి 71 కోట్ల డాలర్లకు పైగా వెనక్కి తీసుకోవాలని విద్యాశాఖ తనిఖీ విభాగం 2017లో సిఫారసు చేసింది. 2019లో విద్యాశాఖ ఆ సిఫారసును అమలు చేయబోమని ప్రకటించినా, ఆన్‌లైన్ కోర్సులు నడిపే కాలేజీలకు పుట్టిన భయం పోలేదు.

2021 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిర్వచనం ఈ షరతును విడమరిచి చెప్పింది. నేరుగా బోధించడం, విద్యార్థి చేసిన పనిని దిద్ది అభిప్రాయం చెప్పడం, పాఠం గురించిన ప్రశ్నలకు జవాబివ్వడం, చర్చను నడిపించడం, కాలేజీకి గుర్తింపునిచ్చే సంస్థ ఆమోదించిన మరేదైనా బోధనా పని చేయడం, ఈ అయిదింటిలో కనీసం రెండు కోర్సులో ఉండాలి. అవి ముందే తెలిసిన వేళల్లో జరగాలి. విద్యార్థి వెనకబడుతున్నాడేమో అధ్యాపకుడు గమనిస్తూ, అవసరమైతే తనంతట తాను పలకరించాలి. అంటే విద్యార్థి పాల్గొనాలని కోరే చట్టమే అధ్యాపకుడూ పాల్గొనాలని కోరుతోంది.

మరి సిలబస్‌లో ఇది కనిపిస్తుందా? సిలబస్ అన్న మాట దగ్గరే మనవాళ్లు పొరబడతారు. మనకు సిలబస్ అంటే పాఠాల జాబితా, పరీక్షకు ఏ యూనిట్లు వస్తాయో చూసుకునే కాగితం. అక్కడ సిలబస్ దాదాపు ఒప్పందపత్రం. ఆలస్యమైతే రోజుకు ఎన్ని మార్కులు తగ్గుతాయో, ఏది కాపీ కిందికి వస్తుందో, ఎన్ని రోజులు స్పందించకపోతే పేరు తీసేస్తారో అన్నీ అందులోనే ఉంటాయి. నేను చదివిన చాలా సిలబస్‌లలో విద్యార్థి చేయాల్సిన వాటికి పేజీలకు పేజీలు కేటాయించారు. అధ్యాపకుడు చేయాల్సిన వాటిలో ఈమెయిల్‌కు 48 గంటల్లో జవాబిస్తానన్న ఒక్క వాక్యం మిగులుతుంది. దిద్దిన అసైన్‌మెంట్ ఎప్పటిలోగా తిరిగి వస్తుందన్నది కొన్నింటిలో ఉండనే ఉండదు. నాలుగు వారాలుగా ఒక్క మార్కూ, ఒక్క వ్యాఖ్యా రాని కోర్సులో ఆ సంగతి డీన్‌కు రాయవచ్చునని, రాయడం ధిక్కారం కాదని మన విద్యార్థుల్లో ఎందరికి తెలుసు? గురువును ప్రశ్నించకూడదన్న పెంపకం ఇక్కడ అడ్డొస్తుంది. తమ వంతు పని చేసినవారికి అవతలివారి పని గురించి అడిగే హక్కు ఉంటుంది.

ఎంత పని చేయాలన్న అంచనాలోనూ పొరపాటు జరుగుతోంది. ఆన్‌లైన్ అంటే తేలిక, వంటింటి పని మధ్యలో కానిచ్చేయవచ్చు అన్న మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. ఒక్కో క్రెడిట్‌కు వారానికి ఒక గంట పాఠం, రెండు గంటల సొంత చదువు అన్నది ఫెడరల్ ప్రమాణం. ఆ లెక్కన మూడు క్రెడిట్ల కోర్సుకు పదిహేను వారాల పాటు వారానికి తొమ్మిది గంటలు కావాలి. దాన్నే ఎనిమిది వారాలకు కుదిస్తే వారానికి పదిహేడు గంటలు. ఇలాంటివి రెండు తీసుకుని పూర్తి కాలపు ఉద్యోగమూ చేస్తానంటే వారానికి డెబ్బై గంటలు దాటుతాయి. రిజిస్ట్రేషన్ పేజీలో కోర్సు పేరు పక్కనే ఈ గంటల సంఖ్య వేస్తే, తర్వాత పంపే హెచ్చరిక ఉత్తరాల్లో సగం పంపనక్కర లేదు.

నిఘా నిబంధనల విషయం ఇంతకన్నా చిక్కైనది. విద్యార్థులమని చెప్పి దొంగ పేర్లతో చేరి, సాయం సొమ్ము ఖాతాలో పడగానే మాయమయ్యే ముఠాలు నిజంగా ఉన్నాయి. 2021లో కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల పేరు మీద 65 వేలకు పైగా నకిలీ ఆర్థిక సాయం దరఖాస్తులు బయటపడ్డాయి. దొంగ పేర్లతో సీట్లు నిండిపోయి అసలు విద్యార్థులు వెయిటింగ్ లిస్టులో మిగిలిపోయారు. కాబట్టి మొదటి వారంలోనే ఏదో ఒక పని చేసి చూపించమనడం, గుర్తింపు కార్డు అడగడం అన్యాయమని నేను అనను. పరిచయ వాక్యాలు అడిగింది కాలక్షేపానికి కాదని, అవతల మనిషి ఉన్నాడో లేడో తెలుసుకోవడానికేనని ఒక్క ముక్క రాసి ఉంటే గుంటూరులో ఆ తల్లి అయిదు నిమిషాలు కేటాయించి ఉండేవారు.

పరీక్షకు ముందు కెమెరాను గదంతా తిప్పి చూపించమనడం మాత్రం వేరే సంగతి. ఒహాయోలోని క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి వేసిన కేసులో, ప్రభుత్వ విద్యాసంస్థ ఇలా పడకగదిని చూడటం సోదా కిందికే వస్తుందని, రాజ్యాంగ విరుద్ధమని ఫెడరల్ జిల్లా కోర్టు 2022 ఆగస్టులో తీర్పు చెప్పింది. ఆ తీర్పు దేశమంతటికీ వర్తించదు, నిజమే. కానీ ఒకే గదిలో అత్తగారు నిద్రపోతుండగా, చంటిబిడ్డ ఉయ్యాలలో ఉండగా పరీక్ష రాసే అమ్మాయి వైపు నుంచి ఆలోచిస్తే, క్యాంపస్ పరీక్షా కేంద్రమో మరో పద్ధతో ఎంచుకునే వీలు ఇవ్వడం కాలేజీ కనీస ధర్మం.

కృత్రిమ మేధతో రాశారన్న ఆరోపణ ఇప్పుడు ఇంకా పెద్ద భయం. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో యంత్రం రాసిందో మనిషి రాసిందో తేల్చే ఏడు సాధనాలను పరీక్షించి, ఇంగ్లిష్ మాతృభాష కానివారు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం సొంతంగా రాసిన 91 వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని అవి యంత్రం రాసినవని పొరబడినట్టు చూపించారు. పరిమితమైన పదాలతో, నేర్చుకున్న వాక్య నిర్మాణాలతో రాసేవారే ఎక్కువగా దొరికిపోతారు. తెలుగు మీడియం చదువుల నుంచి వెళ్లి జాగ్రత్తగా, తప్పుల్లేకుండా రాయాలని తాపత్రయపడే తెలుగు విద్యార్థి సరిగ్గా ఆ కోవలోనే ఉంటాడు. ఆ సాధనం చూపే అంకె ఒక్కటే ఆధారంగా సున్నా వేయకూడదు. అదే సమయంలో మనవైపు ఒప్పుకోవాల్సిందీ ఉంది. భార్య అసైన్‌మెంట్‌ను భర్త రాసిపెట్టడం, తమ్ముడి క్విజ్‌కు అన్న లాగిన్ కావడం మన కుటుంబాల్లో సాయం కిందే చెల్లిపోతోంది. కాలేజీ దృష్టిలో అది మోసం, పాస్‌వర్డ్ ఇచ్చినవారికీ శిక్ష ఉంటుంది. రేపు ఆసుపత్రిలో మందు మోతాదు లెక్కగట్టాల్సిన మనిషి చదువది. రాసిన చిత్తుప్రతులను దాచుకోవడం, గూగుల్ డాక్స్‌లో మార్పుల చరిత్ర చెరిపేయకుండా ఉంచడం ఇప్పుడు నిజాయితీపరుడికి అవసరమైన రక్షణ.

వీసాకు సంబంధించిన నిబంధన అన్నింటికన్నా కఠినమైనది, దీన్ని సడలించే వీలు కాలేజీకి కూడా లేదు. చదువు కోసం ఇచ్చే ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి పూర్తి కాలపు చదువు లెక్కలో ఒక సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ తరగతిని, లేదా మూడు క్రెడిట్లను మాత్రమే చూపించవచ్చు. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా ఇచ్చిన సడలింపు 2022-23 విద్యా సంవత్సరంతో ముగిసింది. దీని దెబ్బ తగిలేది తల్లిదండ్రుల హెచ్-1బీ మీద ఆధారపడి పెరిగిన పిల్లలకు. హెచ్-4లో ఉన్నంతకాలం ఎన్ని ఆన్‌లైన్ కోర్సులైనా తీసుకోవచ్చు. ఇరవై ఒక్కేళ్లు నిండి హెచ్-4 పోయే వేళకు ఎఫ్-1కు మారితే, అదే కాలేజీలో, అదే పోర్టల్‌లో, అవే ఆన్‌లైన్ కోర్సులతో పూర్తి కాలపు లెక్క నింపితే హోదా పోతుంది. రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్ ఆ విద్యార్థిని ఆపకపోవచ్చు. కోర్సులు ఎంచుకునే ముందు కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడిగి, జవాబును ఈమెయిల్‌లో రాయించుకోవడం తప్ప దారి లేదు.

హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్లు సంపాదించే పిల్లల తల్లిదండ్రులకూ ఒక మాట. కాలేజీ కోర్సు రికార్డుల మీద హక్కు విద్యార్థి రికార్డుల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం విద్యార్థిది, వయసు పదహారే అయినా సరే. తండ్రి ఈమెయిల్ రాస్తే అధ్యాపకుడు మార్కులు చెప్పకపోవడం అమర్యాద కాదు.

ఆవిడ మరుసటి సెమిస్టర్‌లో అదే కోర్సు మళ్లీ తీసుకున్నారు. కాలేజీ ఈమెయిల్‌ను ఫోన్‌లో పెట్టుకున్నారు, పరిచయ వాక్యాలు మొదటి రోజే రాశారు, గడువులను ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టుకున్నారు. మూడో వారంలో సమర్పించిన ల్యాబ్ నివేదిక ఆరో వారానికీ దిద్దకుండా ఉండిపోతే, ఈసారి ఊరుకోలేదు. సిలబస్‌లో పది రోజుల్లో దిద్దుతామని రాసిన వాక్యాన్ని ఎత్తి రాసి, మర్యాదగా అధ్యాపకుడికే ఉత్తరం పంపారు. రెండో రోజు మార్కులు వచ్చాయి, వాటి కింద తొడ ఎముక బొమ్మలో ఆవిడ తప్పుగా గుర్తించిన రెండు భాగాల గురించి నాలుగు వాక్యాల వివరణ కూడా ఉంది.