మైల తీరని దేశం: సైర్ ఎలా పోయిందో తెలియకపోతేనే అందరికీ మంచిది

ఆదివారం రాత్రి మా డన్జన్స్ అండ్ డ్రాగన్స్ గేమ్ ఉంటుంది, ఐదుగురం, అందులో ఒకడు డల్లాస్‌లో ఉంటాడు కాబట్టి వాడికి అది పొద్దున్న కాఫీ టైమ్. ఈ మధ్య ఒక సెషన్‌లో అందరూ షార్న్ సిటీలోకి వస్తున్నారు, గేటు దగ్గర కాగితాలు చెక్ చేస్తున్నారు, నేను డీఎంని, అంటే కథ నడిపేవాణ్ణి, కాబట్టి ఆ గార్డు కూడా నేనే. మా ఫ్రెండ్ ఒకామె ఆడే క్యారెక్టర్ ఊరు మెట్రోల్, దేశం సైర్. కాగితం ఇచ్చింది. గార్డు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి సీలు చూసి "ఈ దేశం ఇప్పుడు లేదమ్మా" అన్నాడు. అంటే నేనే అన్నాను, పెద్దగా ఆలోచించకుండా, ఏదో సీన్ నడవాలి కదా అని. ఆమె కాసేపు మ్యూట్‌లో ఉండిపోయింది. తర్వాత వచ్చి "మరి నేను ఎవర్ని అని రాస్తావు ఇప్పుడు?" అని అడిగింది, గార్డుని అడిగిందో నన్ను అడిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తా. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అంటే తలా ఒక పాత్రగా మాట్లాడుతూ, డైస్ వేస్తూ కథ నడిపే ఆట. మేం ఆడేది ఎబెరాన్ అనే ఊహాలోకంలో, ఆ ఆట కోసం కీత్ బేకర్ అనే డిజైనర్ దీన్ని తయారుచేశాడు. 2002లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ కొత్త ప్రపంచాల కోసం పోటీ పెడితే 11,000కి పైగా ఎంట్రీలు వచ్చాయి, అందులోంచి దీన్ని తీసుకుని 2004లో పుస్తకంగా వేశారు. ఇక్కడ మంత్రం అంటే కొండ మీద గడ్డం ముసలాయన చేసే పని కాదు, మనకి కరెంటు ఎలాగో వాళ్లకి మంత్రం అలాగ, వీధి దీపాలు దాంతోనే వెలుగుతాయి, రైళ్లు దాంతోనే నడుస్తాయి, ఆయుధాల ఫ్యాక్టరీ కూడా దాంతోనే. కాబట్టి అక్కడ మంత్రం వల్ల ప్రమాదం జరిగితే అది శాపంలా కాకుండా ఇండస్ట్రియల్ యాక్సిడెంట్‌లా ఉంటుంది. ఎబెరాన్ నాకు నచ్చింది అందుకే.

కథ ఏంటంటే గలిఫార్ అని ఒకటే పెద్ద రాజ్యం ఉండేది, లోపల ఐదు ప్రాంతాలు, ఆండేర్, బ్రెలాండ్, కార్నాథ్, థ్రేన్, సైర్. వాళ్ల లెక్కలో 894లో రాజు జారొట్ చనిపోయాడు. ఆనవాయితీ ప్రకారం గద్దె సైర్‌ని ఏలుతున్న మిషాన్‌కి రావాలి. థ్రేన్, కార్నాథ్, బ్రెలాండ్‌లో ఉన్న తోబుట్టువులు ఒప్పుకోలేదు, ఆండేర్ తమ్ముడు మాత్రం మొదట్లో అక్క వైపు నిలబడ్డాడు. ఆస్తి తగాదా అన్నమాట. మన దగ్గర అయితే కోర్టులో నలభై ఏళ్లు నడిచేది, వాళ్లది యుద్ధంగా 102 ఏళ్లు నడిచింది. న్యాయంగా చూస్తే పట్టా సైర్ పేరు మీదే ఉంది, కానీ అది అందరికీ మధ్యలో ఉన్న పొలం, ఎవరు ఎవరితో కొట్టుకున్నా తొక్కుడు పడేది ఇక్కడే.

994లో ఓలరూన్ నెల 20న సైర్ పోయింది. ఓడిపోలేదు, పోయింది. ఒక్కరోజులో, బూడిదరంగు పొగమంచు లేచి, దాదాపు సరిగ్గా సరిహద్దుల దగ్గరకి వచ్చి ఆగింది, ఆ గీత లోపల ఉన్న జనం దాదాపు అంతా చచ్చిపోయారు, రాజధాని మెట్రోల్, రాణి డానెల్, అన్నీ. ఎవరు చేశారో తెలీదు. ఎందుకు సరిహద్దు దగ్గరే ఆగిందో అసలు తెలీదు.

దీన్ని ఇంగ్లీషులో మోర్నింగ్ అంటారు, అంటే చావింటి శోకం. తెలుగులో రాస్తే గుడ్ మార్నింగ్‌లాగే కనిపిస్తుంది, ఇంక సైర్ వాళ్లని సైరన్లు అంటే అంబులెన్సు గుర్తొస్తుంది, అందుకని మా టేబుల్ దగ్గర మేము దాన్ని మైల అంటాం, ఆ నేలని మైలనేల అంటాం. మొదట నవ్వులకి పెట్టుకున్న పేరే, కానీ ఆడే కొద్దీ ఇంగ్లీషు పేరు కంటే ఇదే కరెక్ట్ అనిపించింది. ఎందుకో కింద చెప్తా.

ముందు అందరూ చెప్పే మాట ఒకటి ఉంది, మైల వల్లే యుద్ధం ఆగింది అని. నిజమే. రేపు మన మీద ఇలాంటిదే పడితే అనే భయంతో అందరూ కత్తులు దించారు, రెండేళ్లు బేరాలు ఆడి 996లో థ్రోన్‌హోల్డ్ ఒప్పందం చేసుకున్నారు. పుస్తకాల్లో దీన్ని ఒక విషాదం తర్వాత వచ్చిన శాంతిలాగా చదివేస్తాం, నేనూ అలాగే చదివా చాలా ఏళ్లు. కానీ ఆ భయం దేనిమీద నిలబడి ఉందో చూడండి. ఎవరు చేశారో తెలియదు కాబట్టి భయం. రేపు ఎవడో లోపలికెళ్లి కారణం పట్టుకొచ్చాడనుకుందాం, అది ఫలానా దేశం ఆయుధం అని తేలితే మిగతా ముగ్గురు కలిసి వాళ్ల మీద పడతారు. కాదు, సైర్ వాళ్లే సొంత ల్యాబులో ఏదో పేల్చుకున్నారని తేలితే, ఓహో మనకేం ప్రమాదం లేదన్నమాట అని మళ్లీ పాత లెక్కలు తీస్తారు. ఎటు తేలినా శాంతి పోతుంది. అంటే ఖోర్వేర్ ఖండంలో ఉన్న ప్రతి రాజుకీ ఈ కేసు తేలకపోవడమే లాభం. సంతాపం అందరూ చెప్తారు, ఎంక్వైరీ కమిషన్ మాత్రం ఎవరూ వెయ్యరు, ఇది మనకి తెలియని బాగోతమేం కాదు.

ఆ ఒప్పందం దగ్గరే నాకు ఒళ్లు మండేది. 12 దేశాలకి గుర్తింపు వచ్చింది దాంట్లో. వాలెనార్ ఉంది. వాలెనార్ అంటే ఎవరు, సైర్ కిరాయికి తెచ్చుకున్న ఎల్ఫ్ సైన్యం, 956లో మేం రక్షించాల్సిన నేల ఇప్పుడు మాదే అని కూర్చున్నారు. దార్గూన్ ఉంది, అది కూడా కిరాయి గాబ్లిన్ సైన్యం 969లో తిరగబడి సైర్ నుంచే కోసుకున్న ముక్క. సైర్ నుంచి లాక్కున్న ఇద్దరికీ కుర్చీ వేశారు, సైర్‌కి వెయ్యలేదు, ఎందుకంటే దేశం లేదు కదా అన్నారు. యుద్ధంలో బోలెడుమంది ఓడిపోతారు, ఓడినవాడు కూడా టేబుల్ దగ్గర కూర్చుని ఏడుస్తాడు, ఎంతో కొంత బేరమాడతాడు. టేబులే దక్కకపోతే నష్టపరిహారం అనే మాట ఎవరు ఎత్తాలి? నా దృష్టిలో మైల చేసిన అతిపెద్ద డ్యామేజీ పొగమంచు కాదు, ఇదిగో ఈ కుర్చీ.

బ్రెలాండ్ రాజు బొరానెల్ మంచివాడే, కాందిశీకుల్ని ఎక్కువగా రానిచ్చింది ఆయనే, ప్రిన్స్ ఓర్గెవ్‌కి కొంత జాగా ఇస్తే అక్కడ న్యూ సైర్ అని ఒక ఊరు లేచింది. ఓర్గెవ్ ఆ రోజు బ్రెలాండ్‌లో రాయబారిగా ఉన్నాడు కాబట్టి బతికిపోయాడు, ఇప్పుడు రాజవంశంలో మిగిలింది అతనే, ఊరి ప్రెసిడెంట్ స్థాయి అధికారం, రాజు హోదా అడుగుతాడు. కొంతమంది ప్లేయర్లకి ఇతనంటే జోకు. నాకు మాత్రం జాలి. మిగతా జనం షార్న్‌లో హై వాల్స్ అనే పేటలో ఇరుక్కుని ఉన్నారు, పేరు ఎత్తుగోడలే, పేట కూడా అంతే. మెట్రోల్‌లో మంత్రాల ఇంజినీర్లుగా, శిల్పులుగా బతికినవాళ్లు ఇక్కడ ఏ పని దొరికితే ఆ పని చేస్తున్నారు. మన కలలు ఊహించినదాన్ని మన చేతులు చేసి చూపిస్తాయి అన్నట్టు ఉంటుంది సైర్ వాళ్ల నినాదం. చేతులున్నాయి ఇంకా.

ఇక కంపెనీల సంగతి. క్యానిత్ హౌస్ అని తయారీ రంగం మొత్తం వాళ్ల చేతిలో ఉండేది, హెడ్డాఫీసు సైర్‌లోనే. పెద్దాయన స్టారిన్ ఆ రోజే పోయాడు, ఇప్పుడు ముగ్గురు వారసులు, షార్న్‌లో మెరిక్స్, ఫెయిర్‌హేవెన్‌లో జోర్లానా, కోర్త్‌లో జోర్లాన్, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. రైలు గురించి అయితే ఎవరూ మాట్లాడరు కానీ నాకు అదే ఇంట్రెస్టింగ్. లైట్నింగ్ రైల్ తూర్పు పడమరలని కలిపే లైను సైర్ మధ్యలోంచి పోయేది, ఇప్పుడు అది రెండు ముక్కలు, మధ్యలో మైలనేల. అంటే సరుకు చుట్టూ తిరిగి వెళ్లాలి, టైమ్ పెరిగింది, రేటు పెరిగింది. సైర్ అంటే ఏంటో తెలియని కార్నాథ్ రైతుకి కూడా సైర్ పోయిన సంగతి ఈ రూపంలో తగులుతుంది. రెండు స్టేషన్ల మధ్య ఒక లైను ఆగిపోతే ఊళ్లు ఎలా చస్తాయో మీటర్‌గేజ్ పోయిన ఊళ్లవాళ్లని అడగండి, చెప్తారు.

వార్‌ఫోర్జ్‌డ్ కూడా ఉన్నారు, చెక్క, ఇనుము, రాయి కలిపి ప్రాణం పోసిన సైనికులు, క్యానిత్ వాళ్ల తయారీ. థ్రోన్‌హోల్డ్ ఒప్పందం వాళ్లకి స్వేచ్ఛ ఇచ్చింది, వాళ్లని తయారుచేసే కొలుముల్ని పగలగొట్టమంది. మెరిక్స్ దొంగచాటుగా ఒకటి నడుపుతూనే ఉన్నాడు, అది వేరే సంగతి. వార్‌ఫోర్జ్‌డ్‌కి తిండీ నిద్రా అక్కర్లేదు, కాబట్టి మనుషులు ఉండలేని మైలనేలలో లార్డ్ ఆఫ్ బ్లేడ్స్ అనే వాడి వెనక కొందరు చేరి అది మా దేశం అంటున్నారు. చూశారా, ఆయుధంగా పుట్టినవాళ్లకి సైర్ నేల దొరికింది, సైర్‌లో పుట్టినవాళ్లకి దొరకలేదు. వార్‌ఫోర్జ్‌డ్ మీద నాకు కోపం లేదు, వాళ్లకీ ఎక్కడికీ వెళ్లే దారి లేదు పాపం.

మైల అనే మాట దగ్గరకి వస్తా. ఆ నేలలో శవాలు కుళ్లవు. 2004 పుస్తకంలోనే ఉంది ఇది, ఆ నేల మీద గాయాలు వాటంతటవి మానవు, మాన్పే మంత్రాలు పనిచెయ్యవు, యుద్ధభూమిలో పడినవాళ్లు ఇవాళ పొద్దున్నే పడినట్టు ఉంటారు. ఏళ్లు గడిచినా అంతే. మొదటిసారి చదివినప్పుడు భలే హారర్ ఎలిమెంట్ అనుకుని పేజీ తిప్పేశా. కానీ మన ఇళ్లలో చావు అంటే ఒక క్యాలెండర్ కదా, మూడో రోజు, పదకొండో రోజు, మాసికాలు, ఏడాది, ఒక్కో రోజు దాటుతుంటే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, పండగ తిరిగి వస్తుంది, మైల తీరుతుంది. సైర్ వాళ్లకి ఆ క్యాలెండర్ మొదలవలేదు. శవం అలాగే ఉంది. అమ్మ వంటింట్లో పడిపోయి ఉంటే ఈ రోజుకీ అలాగే పడి ఉంటుంది, గరిటె చేతిలో. దహనం చేద్దామంటే లోపలికి వెళ్లినవాడు తిరిగి వస్తాడో రాడో. మా ఫ్రెండ్ తన క్యారెక్టర్‌కి ఇదే రాసుకుంది, వాళ్లమ్మ ఇల్లు ఏ వీధిలోనో దానికి తెలుసు, అక్కడ ఏముందో కూడా తెలుసు.

ఆమెకి ఇది ఎందుకు అంత తగిలిందో తర్వాత ఫోన్‌లో చెప్పింది. వాళ్ల నాయనమ్మ ఊరు శ్రీశైలం డ్యామ్ ముంపులో పోయింది, 1980ల మొదట్లో. ఎండాకాలం నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటికి వస్తుంది కదా, ఆ టైమ్‌లో నాయనమ్మ అందర్నీ వెంటబెట్టుకుని ఆ వైపు వెళ్లి, బురదలో నిలబడి ఇదిగో మా ఇల్లు, ఇదిగో మా చింతచెట్టు అని ఏమీ లేని చోట చూపించేదట. "కనీసం మావాళ్లకి ఎవరిని తిట్టాలో తెలుసు, ఆఫీసు ఉంది, అర్జీ పెట్టారు, డబ్బులు సరిపోలేదని మళ్లీ పెట్టారు" అంది. సైర్‌కి ఆ ఆఫీసు లేదు. నేను పైన కుర్చీ గురించి అంత ఊగిపోయి రాయడానికి కారణం ఈ ఫోన్ కాలే, ముందే చెప్పాల్సింది.

ఇప్పుడు మనం, అంటే ప్లేయర్లం, దీన్ని ఎలా ఆడతాం? లూటీకి. మైలనేల అనగానే క్యానిత్ ల్యాబులో మిగిలిన మంత్రాయుధాలు, తనంతట తాను తిరిగే మంత్రాలు, గాజు పీఠభూమి, ఊదారంగులో వెలిగే అగాధం, మంచి మ్యాపు, మంచి రాక్షసులు. నేనూ చేశా, రెండు క్యాంపెయిన్లు, అంటే చాలా సెషన్ల పాటు సాగే కథలు, అలాగే నడిపా, సిగ్గుగానే ఉంది. ఆ శవాల జేబులు వెతికి బంగారం ఎంత వచ్చిందో డైస్ వేసి చెప్పింది నేనే. అవి ఎవరి శవాలు అని మా టేబుల్ దగ్గర ఎవరూ అడగలేదు అప్పట్లో.

ఇంకో అలవాటు, సమాధానం కోసం పీకులాట. ఆన్‌లైన్‌లో మైలకి కారణం ఏంటి అని థియరీలు కోకొల్లలు. బేకర్ మొదటినుంచీ చెప్తున్నాడు, అధికారికంగా జవాబు ఎప్పటికీ ఇవ్వం, మీ టేబుల్ దగ్గర మీకు కావలసింది పెట్టుకోండి అని. కొందరికి ఇది తప్పించుకోవడంలా కనిపిస్తుంది, డబ్బులు పెట్టి పుస్తకం కొన్నాం కదా చెప్పండి అంటారు. నేను బేకర్ వైపే. జవాబు పుస్తకంలో అచ్చయితే అది ఒక విలన్ పేరు అయిపోతుంది, వాడిని చంపితే క్యాంపెయిన్ అయిపోతుంది, హై వాల్స్‌లో ఉన్నవాళ్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. కాకపోతే ఒకటి ఒప్పుకోవాలి, ఇందాక రాజులకి అన్న మాటే ఇక్కడ నాకూ వర్తిస్తుంది. కేసు తేలకపోవడం రాజులకి ఎంత లాభమో డీఎంగా నాకూ అంతే లాభం, కథ నడుస్తూ ఉంటుంది కదా.

మా గేమ్‌లో జవాబు నేను రాసిపెట్టుకున్నా, ఫోన్ నోట్స్‌లో మూడు లైన్లు. పోయిన ఆదివారం వాళ్లకి లోపలికి వెళ్లే దారి దొరికింది, క్యానిత్ వాళ్ల పాత రికార్డులు ఉన్న చోటు కూడా తెలిసింది, మిగతా ముగ్గురూ అక్కడికే పోదాం అన్నారు. మా ఫ్రెండ్ మాత్రం మ్యాపులో మెట్రోల్ మీద వేలు పెట్టి, ఇక్కడికి ఎన్ని రోజులు పడుతుంది, కట్టెలు మనమే మోసుకెళ్లాలా లేక లోపల చెట్లు కాలతాయా అని అడిగింది. రూల్స్ పుస్తకంలో దానికి ఏమీ లేదు. చూసి చెప్తా అన్నాను.