ఏడు సూత్రాలూ పిల్లల మెడకేనా?

ఈ వారంలో ఒకే సందేశం నాకు ఆరుసార్లు వచ్చింది. మొదట మా బావమరిది పంపాడు. తరువాత మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి గారు గ్రూపులో పెట్టి, కింద నాలుగు దండం బొమ్మలు అతికించారు. పాత విద్యార్థి ఒకడు "మాస్టారూ, మీకు బాగా పనికొస్తుంది" అంటూ పంపాడు. నిన్న రాత్రి పదకొండున్నరకు మా పెద్దమ్మ కూడా పంపింది. ఆవిడకు ఎనభై రెండేళ్లు. ఇంట్లో ఉండేది ఆవిడా, ఒక పిల్లీ.

సందేశం పేరు "మన పిల్లల్ని మనమే కాపాడుకుందాం: ప్రతి కాలనీకీ ఏడు సూత్రాలు". పిల్లలను మత్తు నుంచి కాపాడటానికట. క్లుప్తంగా ఇదీ విషయం. బడి గేటు దగ్గర అపరిచితులిచ్చే చాక్లెట్లు తిననివ్వకూడదు. పదహారేళ్ల లోపు పిల్లలు రాత్రి తొమ్మిదికల్లా ఇంట్లో ఉండాలి. కాలనీ పిల్లలందరికీ నెలకొకసారి మూత్ర పరీక్ష చేయించాలి. దొరికినవాడి ఫొటో, తండ్రి పేరు, ఫ్లాటు నంబరు గ్రూపులో పెట్టాలి; రెండోసారి దొరికితే ఆ కుటుంబాన్ని ఖాళీ చేయించాలి. బడికి పోలీసులను పిలిపించి భయం పుట్టేలా చెప్పించాలి. దృష్టి అంతా గంజాయి మీదే పెట్టాలి, "అప్పుడప్పుడూ బీరు లాంటి చిన్న విషయాలతో" సమయం వృథా చేయకూడదు. రోజూ పరగడుపున తులసి నీళ్లు తాగించాలి. చివర్లో ముక్తాయింపు: "ఐస్‌లాండ్ దేశం ఇలాగే చేసి మత్తును తరిమికొట్టింది. పదిమందికి పంపండి."

తులసి నీళ్లతో మొదలుపెడతాను, త్వరగా అయిపోతుంది. దగ్గుకు మంచిది.

చాక్లెట్ల సంగతి. హైదరాబాదు చుట్టుపక్కల గంజాయి కలిపిన చాక్లెట్లు పోలీసులకు దొరికిన మాట నిజమే. కాని అవి కొట్లో డబ్బులకు అమ్మేవి. టోపీ పెట్టుకున్న ఆగంతకుడు పప్పుబెల్లాల్లా పంచిపెట్టి పోడు, వాడికి మాత్రం నష్టం కాదూ? పిల్లవాడికి మొదటిసారి రుచి చూపించేది చాలాసార్లు తెలిసినవాడే: పై తరగతి కుర్రాడు, వీధిలో అన్న, వరసకు బావ. అపరిచితుడి కోసం గేటు దగ్గర కాపలా కాసి ఇంటికొస్తే, ఆ అన్న మన హాల్లోనే కూర్చుని మంచినీళ్లు తాగుతుంటాడు. అదీగాక, కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఢిల్లీ ఎయిమ్స్‌తో చేయించి 2019లో వెలువరించిన దేశవ్యాప్త సర్వేలో పెద్దవాళ్లకంటే పిల్లల్లోనే ఎక్కువగా కనిపించినవి పీల్చే మత్తులు. 10 నుంచి 17 ఏళ్ల వారిలో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. అంటే పంక్చరు అతికించే సొల్యూషను, వైట్నరు, థిన్నరు. ఏడు సూత్రాల్లో వాటి ఊసే లేదు. పుస్తకాల కొట్లో దొరికే సీసాకు చాక్లెట్ కథలో ఉన్నంత ఉత్కంఠ ఎక్కడిది?

పోలీసుల ప్రసంగం గురించి. ఇది ఇప్పటికే ఒకసారి చాలా ఖర్చుతో చేసి చూసిన ప్రయోగం. 1983లో లాస్ ఏంజెలెస్‌లో 'డేర్' అనే కార్యక్రమం మొదలైంది. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి తరగతికి వచ్చి, మత్తుకు 'వద్దు' అని చెప్పడం నేర్పేవాడు. అమెరికా అంతటా పాకింది. పిల్లలకు టీషర్టులు కూడా ఇచ్చారు. ఏళ్ల తరబడి లెక్కలు తీస్తే, ఆ పాఠం విన్న పిల్లలకూ విననివాళ్లకూ తేడా ఏమీ కనబడలేదు. 2001లో ఆ దేశపు సర్జన్ జనరల్ నివేదికే దాన్ని పనిచేయని వాటి జాబితాలో వేసింది. మన బడికి ఎస్సై గారు వస్తే రానివ్వండి, నాకు అభ్యంతరం లేదు. ఒక పీరియడు తప్పిందని పిల్లలు సంతోషిస్తారు.

ఇక "చిన్న విషయం" అయిన బీరు. అదే సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవారు సుమారు 16 కోట్లు; గంజాయి, భంగు లాంటివి వాడేవారు సుమారు 3.1 కోట్లు. ఏది చిన్నదో లెక్కల మాస్టారిని అడగనక్కరలేదు. పోయిన నెలలో మా పైఅంతస్తులో గృహప్రవేశం జరిగింది. రాత్రి డాబా మీద పెద్దల కార్యక్రమం. సోడా సీసాలూ ఐసు గిన్నే పట్టుకుని మెట్లెక్కింది ఆ ఇంటి చిన్నవాడు, పదమూడేళ్లు. రెండోసారి మళ్లీ దిగి వచ్చి వేయించిన పల్లీలు తీసుకెళ్లాడు. ఆ డాబా మీద ఉన్నవారిలో ఇద్దరు ఈ సందేశాన్ని నాకు పంపారు. పేర్లు చెప్పను, ఫ్లాటు నంబర్లు కూడా చెప్పను. ఆ అలవాటు సందేశం రాసినవారికే వదిలేస్తాను.

మా బావమరిది సందేశానికి తన సొంత వాక్యం ఒకటి చేర్చాడు: "దూబగుంట స్ఫూర్తితో ముందుకు సాగుదాం". బావా, దూబగుంట ఆడవాళ్లు సాగింది బీరును చిన్న విషయమని పక్కన పెట్టి కాదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతుల్లో అక్షరాలు దిద్దుకుంటూ, సారా వల్ల తమ ఇళ్లు ఎలా గుల్లవుతున్నాయో మాట్లాడుకున్న కూలి తల్లులు వాళ్లు. కొన్ని ఊళ్లలో తాగుబోతు మొగుళ్లకు గుండ్లు కొట్టించారని చెప్పుకుంటారు, కాదనను. కాని వాళ్ల పోరు కొట్టు మీదా, వేలంపాట మీదా. 1992లో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అదీ పోయిందనుకోండి, అది వేరే ఏడుపు. అమ్మేవాడి గల్లాపెట్టె దగ్గరకు వెళ్లారు వాళ్లు. మన ఏడు సూత్రాల్లో అమ్మేవాడు ఒక్కచోటైనా ఉన్నాడేమో వెతకండి. చాక్లెట్ ఆగంతకుడు తప్ప ఎవరూ లేరు. పిల్లలకు మత్తుమందో మద్యమో పొగాకో ఇచ్చినవాడికి 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. విద్యాసంస్థకు వంద గజాల లోపు సిగరెట్లు అమ్మకూడదని 2003 నుంచి చట్టం ఉంది. మా వీధి చివర బడ్డీ కొట్టు నుంచి కాన్వెంటు గేటు దాకా నేను అడుగులతో కొలిచాను: నలభై మూడు. ఆ కొట్టు ముందు స్కూటర్ ఆపి సిగరెట్ ముట్టించి, వెలిగించిన చేత్తోనే ఈ సందేశం పంపుతున్నారు.

మూత్ర పరీక్ష మాటకు వస్తే, దాన్ని రాసినాయన ఆ కిట్టు డబ్బా మీది కాగితం చదవలేదు. గంజాయి ఆనవాళ్లు మూత్రంలో రోజుల తరబడి ఉంటాయి. మద్యం ఆనవాళ్లు మామూలు పరీక్షకు కొన్ని గంటల్లో అందకుండా పోతాయి. సొల్యూషను, వైట్నరు ఆ పట్టీలకు అసలు అందవు. పిల్లలు ఈ సంగతి మనకంటే ముందే తెలుసుకుంటారు; గంజాయి మాని సొల్యూషనుకు మారతారు. కాలనీ పరీక్షలో కుర్రాడు బంగారంలా నెగ్గుతాడు, ఊపిరితిత్తులు మాత్రం పాడవుతాయి. పైగా గసగసాలు దట్టించిన కోడికూర తిన్న మర్నాడు మార్ఫిన్ ఉన్నట్టు చూపించే అవకాశం కూడా ఉంది. ఆదివారం భోజనాల తరువాత సోమవారం పరీక్ష పెడితే, ముందు కార్యవర్గ సభ్యుల పిల్లలే దొరుకుతారేమో.

నవ్వు ఇక్కడితో ఆపుతాను. నాలుగో సూత్రం ఉందే, ఫొటో, తండ్రి పేరు, ఫ్లాటు నంబరు, దాని దగ్గర నాకు నవ్వు రాదు.

మూడేళ్ల కిందట నేను అప్పుడు పనిచేస్తున్న జూనియర్ కాలేజీలో ఒక కుర్రాడుండేవాడు. ఏప్రిల్ ఎండల్లోనూ చేతి రుమాలు ముక్కు దగ్గరే పెట్టుకునేవాడు. జలుబేమో అనుకున్నాను. ఒకరోజు ల్యాబులో వాడి పక్క బెంచీ వాడు నా దగ్గరకు వచ్చి, మీటరు బ్రిడ్జి వైరు సరిచేస్తున్నట్టు నటిస్తూ, తలెత్తకుండా చెప్పాడు: "సార్, వాడి రుమాలు ఒకసారి వాసన చూడండి. నేను చెప్పానని చెప్పకండి." చూశాను. కొత్తగా రంగు వేసిన తలుపు వాసన. నేను వెళ్లి పై అధికారికి చెప్పాను. ఏదో సహాయం చేస్తారనుకున్నాను. మర్నాడు ప్రార్థన అయ్యాక ఆ కుర్రాణ్ణి వేదిక మీదకు పిలిచి, రుమాలు పైకెత్తి పట్టుకొమ్మన్నారు. నాలుగు వందల మంది చూశారు. వాడి చెయ్యి వణకడం నాకు వెనక వరుస నుంచి కూడా కనబడింది. నేను నోరు విప్పలేదు.

వాడు మళ్లీ కాలేజీకి రాలేదు. వారం తరువాత టీసీ కోసం వాళ్ల నాన్న వచ్చాడు. ఆటో నడుపుతాడు. కాకీ చొక్కా మీదే వచ్చాడు. "నాకు రెండు నెలలుగా తెలుసు సార్. ఎక్కడికి తీసుకెళ్లాలో, ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నాను" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ల్యాబులో నాకు చెప్పిన కుర్రాడు మాత్రం ఆ ఏడాదంతా నా కళ్లలోకి చూడలేదు. వాడే కాదు, ఇంకే పిల్లవాడూ నా దగ్గరకు వచ్చి ఏదీ చెప్పలేదు. ఎందుకు చెబుతారు?

ఫొటో పెడితే పిల్లలు భయపడి మానేస్తారని సందేశం అంటోంది. భయపడతారు, సందేహం లేదు. మానేయడం సంగతి తెలియదు గాని, చెప్పడం మానేస్తారు. తల్లిదండ్రులు దాచడం మొదలుపెడతారు. ఇల్లు ఖాళీ చేయించిన కుటుంబం పక్క కాలనీకి వెళుతుంది, అక్కడి సంఘం వాళ్లకూ ఒక గ్రూపు ఉంటుంది. అన్నట్టు, చట్టంతో సంబంధం ఉన్న లేదా సంరక్షణ అవసరమైన పిల్లల వివరాలు ఏ ప్రసార మార్గంలోనైనా బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నాలుగో సూత్రం అమలైన మొదటి రోజున అరెస్టయ్యేది కుర్రాడు కాకపోవచ్చు, గ్రూపు అడ్మిను కావచ్చు. చికిత్సకు తనంతట తాను ముందుకొచ్చిన వ్యసనపరుడికి, వాడినందుకూ స్వల్ప పరిమాణం దగ్గర ఉన్నందుకూ కేసు నుంచి రక్షణ ఇవ్వడానికి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. చట్టానికి ఉన్నపాటి జాలి మన ఏడు సూత్రాలకు లేకపోయింది. ఆ ఆటో నాన్నకు అప్పుడు నేను చెప్పలేకపోయిన నంబరు 14446. డబ్బులు పడవు. వ్యసనం మాన్పించడానికి సలహా ఇస్తారు, కేంద్రం ఎక్కడుందో చెబుతారు. ఎవడైనా అమ్ముతున్నాడని చెప్పాలంటే ఆంధ్రప్రదేశ్‌లో 1972. ఏడు సూత్రాల సందేశంలో పదకొండు జెండా బొమ్మలున్నాయి, ఈ రెండు నంబర్లూ లేవు.

మరి ఐస్‌లాండ్? అక్కడ నిజంగానే గొప్ప పని జరిగింది. 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో అంతకుముందు నెలలో తాగి మత్తెక్కినవారు 42 శాతం. 2016 నాటికి 5 శాతం. రోజూ సిగరెట్ కాల్చేవారు 23 నుంచి 3 శాతానికీ, గంజాయి ఎప్పుడైనా రుచి చూసినవారు 17 నుంచి 7 శాతానికీ దిగారు. ఎలా? మూత్రం సీసాలతో కాదు. బడుల్లో పిల్లల చేత పేరు రాయని ప్రశ్నపత్రాలు నింపించారు: ఎవరితో తిరుగుతున్నావు, అమ్మానాన్నలతో ఎంతసేపు గడుపుతున్నావు, ఏం తాగావు. ఏ ప్రాంతంలో ఏముందో ఆ లెక్కలు తిరిగి అక్కడి బడికీ పురపాలక సంఘానికీ ఇచ్చారు. ఆటలకూ సంగీతానికీ డబ్బు పెట్టారు. రేక్యవిక్ నగరం ఒక్కొక్క పిల్లవాడి పేర ఏటా కొంత సొమ్ము ఇస్తుంది, ఏ క్లబ్బులోనైనా చేరడానికి. తల్లిదండ్రులు సాయంత్రాలు వంతులు వేసుకుని వీధుల్లో నడిచారు. దేశం మొత్తం జనాభా గుంటూరు నగరంలో ఉన్నంత కూడా లేదు, కాబట్టి యథాతథంగా ఇక్కడ కుదరదని ఎవరైనా అంటే వింటాను. కాని "ఇలాగే చేసింది" అంటే మాత్రం వినను.

ఒక్క చోట నేను తప్పు ఒప్పుకోవాలి. రాత్రి తొమ్మిది నిబంధన చూసి గ్రూపులో వెటకారం చేశాను. "ఇంటర్ పిల్లలు స్టడీ అవర్ల నుంచి వచ్చేదే తొమ్మిదిన్నరకు కదా, కాలేజీ బస్సును అరెస్టు చేద్దామా" అని రాశాను. పద్దెనిమిది మంది నవ్వు బొమ్మలు పెట్టారు. తరువాత చూస్తే, ఐస్‌లాండ్‌లో అచ్చం అలాంటి చట్టమే ఉంది. 13 నుంచి 16 ఏళ్ల వారు శీతాకాలంలో రాత్రి పది తరువాత, వేసవిలో అర్ధరాత్రి తరువాత పెద్దవారి తోడు లేకుండా బయట ఉండకూడదు. ఆ విజయంలో దానికీ వాటా ఉంది. ఏడింటిలో ఆ ఒక్క సూత్రం మంచిదే, నా వెటకారమే తప్పు. కాకపోతే దాన్ని నిజంగా పాటించాలంటే కాలేజీ వేళల మీద కూడా కూర్చుని మాట్లాడాలి. అందుకు ఎవరైనా తయారేనా?

ఇంతకీ తొమ్మిదికి ముందు పిల్లలు ఎక్కడుండాలి? మా అపార్ట్‌మెంట్ వెనక షటిల్ కోర్టు ఉంది. గేటుకు గొలుసు, గొలుసుకు తుప్పు పట్టిన తాళం, పక్కన రేకు మీద ఎర్ర అక్షరాలు: "పిల్లలు ఇక్కడ ఆడరాదు – కార్యవర్గం". రెండేళ్ల కిందట అడిగితే "మాస్టారూ, కార్ల అద్దాలు పగులుతాయండీ" అన్నారు కార్యదర్శి గారు. షటిల్ కాక్ తగిలి పగిలే అద్దమున్న కారును నేనైతే ఇంతవరకూ చూడలేదు. ఆ తాళం పడ్డాక పిల్లలు చేరేది నీళ్ల ట్యాంకు వెనక చీకట్లోకి. అక్కడ ఖాళీ వైట్నరు సీసాలు రెండు నేనే ఏరి పారేశాను. గ్రూపులో ఫొటో పెట్టలేదు.

శనివారం సాయంత్రం ఆరింటికి సెల్లారులో సంఘం సమావేశం ఉంది. పరీక్ష కిట్ల కోసం ఫ్లాటుకు మూడు వందలు వసూలు చేయాలన్నది ప్రతిపాదన. కిట్లకు నేను ఒక్క రూపాయీ ఇవ్వను. ఆ మూడు వందలతో ఒక డబ్బా షటిల్ కాకులు తెస్తాను, రోజూ ఏడు నుంచి తొమ్మిది దాకా కోర్టు పక్కన కుర్చీ వేసుకుని నేనే కూర్చుంటాను. తాళంచెవి మాత్రం కార్యదర్శి గారే తేవాలి.