దూరం రాయని కిలోవోల్టు లెక్కలోకి రాదు

సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) షెడ్లలో గాలి పొడిబారితే పాలిస్టర్ పోగులకు స్టాటిక్, అంటే రాపిడితో పుట్టే విద్యుత్ ఛార్జి, పట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, పీచు లేచి నిలబడుతుంది, వార్పింగ్ (పడుగు చుట్టే పని) దగ్గర చేతికి చురుక్కుమంటుంది. అందరికీ తెలిసిన మందు నేల మీద నీళ్లు చల్లడం. పత్తి నూలుకు లెక్కగట్టే తేమ 8.5 శాతం, పాలిస్టర్‌కు 0.4 శాతమే. పత్తికి పట్టిన మందు దీనికి అంతగా పట్టదు. నీళ్లా, గాలిలోకి అయాన్లు వదిలి ఛార్జిని తగ్గించే స్టాటిక్ బారా అని తేల్చుకోవాలంటే ముందు ఆ ఛార్జి ఎంతుందో కొలవాలి. తప్పులు మొదలయ్యేది కూడా అక్కడే.

మల్టీమీటరు దీనికి పనికిరాదు. దాని లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓములు. మొన తాకిన చోట కెపాసిటెన్స్ (ఛార్జిని పట్టి ఉంచే సామర్థ్యం) 10 పికోఫారడ్లు అనుకుంటే, సెకనులో పదివేలవ వంతులోనే ఛార్జి చాలావరకు దిగిపోతుంది. తెర మీద అంకె పడేసరికి కొలవాల్సిందే మిగలదు.

అందుకే తాకకుండా కొలిచే ఫీల్డ్ మీటరు. అది నిజానికి చూసేది వోల్టేజీని కాదు, దాని ముందున్న విద్యుత్ క్షేత్రాన్ని. చేతిలో పట్టుకునే మీటర్లు చాలావరకు 25 మిల్లీమీటర్ల దూరానికి సరిచేసి ఉంటాయి. వెడల్పాటి గుడ్డ ముందు 50 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుంటే 10 కిలోవోల్టులు దాదాపు ఐదుగా కనిపిస్తాయి. కంటి అంచనా వద్దు, దూరం నిలపడానికి ప్లాస్టిక్ స్పేసర్ కూడా వద్దు, దానికీ ఛార్జి పడుతుంది. కొలిచేటప్పుడు తీసేయగల లోహపు గేజ్ మేలు. మీటరుకు ఎర్త్ తీగ తప్పనిసరి. ఎర్త్ చేసిన రేకు ముందు పెట్టి సున్నా చూసుకోవాలి. స్టాటిక్ బార్ లాంటి అయోనైజర్ దగ్గర, మీటరు ముందు రంధ్రంలో పీచు పేరుకున్నా ఆ సున్నా జరుగుతూనే ఉంటుంది. తిరిగే రెక్కలున్న రకం మీటరులో ఈ బెడద తక్కువే గానీ, ఆ రెక్కలకూ పీచు పడుతుంది, తుడవాలి.

ఎక్కువమంది మోసపోయేది రోలర్ దగ్గర. గుడ్డ ఇనుప రోలర్‌ను తాకినప్పుడు ఛార్జి అంతే ఉన్నా, భూమి దగ్గరపడి కెపాసిటెన్స్ పెరుగుతుంది, వోల్టేజీ పడిపోతుంది. స్టాటిక్ బార్ అమ్మేవాడు రోలర్ మీద సున్నా చూపిస్తే, రెండు రోలర్ల మధ్య గాలిలో ఉన్న భాగం మీద చూపించమనండి.

కంపించే ప్రోబ్ ఉండే ఎలక్ట్రోస్టాటిక్ వోల్ట్‌మీటర్లు వేరే తరహా. ప్రోబ్‌ను ఉపరితలపు వోల్టేజీకే తెచ్చి, మధ్యలో క్షేత్రాన్ని సున్నా చేస్తాయి కాబట్టి దూరం ప్రభావం చాలా తక్కువ. అయితే ఒకటి రెండు మిల్లీమీటర్ల దగ్గరగా పెట్టాలి. ఊగే పడుగు ముందు అది అయ్యే పనేనా? జిరాక్స్ డ్రమ్ముకు సరే, సాంచా షెడ్డుకు దండగ.

పడుగు విడివిడి పోగుల వరస, రేకు కాదు. మీటరు చూపేది పోగు అసలు వోల్టేజీ కాదు, ఆ అంకె నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూసుకోవడానికే. ప్లస్, మైనస్ మచ్చలు పక్కపక్కనే ఉంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కూడా. కాబట్టి పుస్తకంలో ఇలా రాస్తేనే పోల్చుకోవడానికి వీలు: మైనస్ 12 కిలోవోల్టులు, 25 మి.మీ. దూరం, పోగులను విడదీసే దువ్వెన దాటిన 30 సెం.మీ. దగ్గర, గాలిలో తేమ 35 శాతం.